ఎస్ వచ్చిన చోటల్లా అపాస్ట్రఫీ రాదు: ఒక ప్రూఫ్ రీడర్ చెప్పే అపోహలు – వాస్తవాలు

బడులు తెరిచే ముందు వచ్చే బ్రోషర్లలోనూ, మాఘమాసపు శుభలేఖల్లోనూ, కొత్త దుకాణాల బోర్డుల్లోనూ నేను ఏళ్ల తరబడి దిద్దుతున్న తప్పు ఒకటే. దిద్దిన ప్రూఫు చేతికి అందగానే వినబడే అభ్యంతరమూ ఒకటే. “సార్, ఎస్ ముందు పైన కామా ఉండాలి కదండీ, మీరు కొట్టేశారేంటి?” ఆ పైన కామానే అపాస్ట్రఫీ అంటారు. విజయవాడలో ప్రింటింగ్ ప్రెస్సులకూ, సైన్‌బోర్డులు చేసేవారికీ ఇంగ్లీషు ప్రూఫులు, అంటే అచ్చుకు ముందు తీసే నమూనా ప్రతులు, చూసి దిద్దడం నా వృత్తి. ఇలా అడిగేవారిలో స్కూలు కరస్పాండెంట్లు ఉంటారు, పెద్ద చదువులు చదివినవారు ఉంటారు, పదో తరగతితో ఆపి సొంతంగా షాపు పెట్టుకుంటున్నవారూ ఉంటారు. ఈ ఒక్క అపోహ వల్ల డబ్బు, సమయం, కొన్నిసార్లు పరువు పోవడం కళ్లారా చూస్తున్నాను కనుక దీని గురించే ఎక్కువగా రాస్తాను.

అపోహ: మాట చివర ఎస్ వస్తే దాని ముందు అపాస్ట్రఫీ పెట్టాలి.

వాస్తవం: కేవలం ఎస్ వచ్చినందుకు పెట్టకూడదు. అపాస్ట్రఫీకి ఇంగ్లీషులో ఉన్న పనులు ముఖ్యంగా రెండు. “డు నాట్” కుదించుకుని “డోంట్” అయినప్పుడు పోయిన ఓ అక్షరం చోటును చూపడం మొదటిది. “రవి’స్ షాప్” అన్నప్పుడు ఆ షాపు రవిది అని, అంటే నామవాచకానికి షష్ఠీ విభక్తి అర్థాన్ని చెప్పడం రెండవది. ఈ రెండింటిలోనూ బహువచనం లేదు. టిఫిన్స్, శారీస్, టైల్స్, జ్యూసెస్, బ్యాగ్స్, మొబైల్స్ అనే మాటల్లో దేనికీ ఆ గుర్తుతో అవసరం లేదు. “టిఫిన్’స్” అని రాస్తే ఇంగ్లీషు బాగా తెలిసిన పాఠకుడు టిఫిన్‌కు చెందినది ఏదో తరువాత వస్తుందని చూస్తాడు. అక్కడ ఏమీ ఉండదు.

మనవారికి ఈ తికమక ఎక్కడ నుంచి వస్తుందో నాకు అర్థమవుతుంది. తెలుగులో బహువచనానికి “లు” వేరుగా ఉంది. షష్ఠికి “యొక్క” ఉంది, లేదా “ఇల్లు” అన్నది “ఇంటి” అవుతుంది. క్రియ చివర “తాడు”, “తుంది” వేరుగా ఉన్నాయి. ఇంగ్లీషులో ఈ మూడు చోట్లా, బుక్స్ అన్నా, రవి’స్ అన్నా, హీ రన్స్ అన్నా, చెవికి వినబడేది ఆ ఒక్క ఎస్ మాత్రమే. చెవికి తేడా లేని చోట కంటికి మాత్రమే తేడా చూపే గుర్తు ఇది. కాబట్టి విని నేర్చుకున్నవారు పొరబడడంలో ఆశ్చర్యం లేదు.

ఇది తెలుగు మీడియం వారి తప్పు అని ఎవరైనా అంటే నాకు ఓర్పు నశిస్తుంది. ఇంగ్లాండులో కూరగాయల కొట్ల ముందు ధరల పలకల మీద ఇదే తప్పు ఎంతగా కనబడుతుందంటే, దానికి “కూరగాయల వర్తకుడి అపాస్ట్రఫీ” అనే పేరే స్థిరపడింది. లింకన్‌షైర్‌లోని బోస్టన్ పట్టణంలో జాన్ రిచర్డ్స్ అనే విశ్రాంత పాత్రికేయుడు ఈ తప్పులను సరిదిద్దేందుకు 2001లో అపాస్ట్రఫీ పరిరక్షణ సంఘం ఒకటి స్థాపించి, దుకాణాలకు మర్యాదగా ఉత్తరాలు రాసి, చివరికి తొంభై ఏళ్లు దాటిన వయసులో 2019లో తాను విరమించుకుంటున్నానని ప్రకటించారు. అసలు ఈ గుర్తు ఇంగ్లీషు ముద్రణలోకి ఫ్రెంచి ప్రభావంతో 16వ శతాబ్దంలో వచ్చిందే. దాని నియమాలు కుదుటపడడానికి చాలా కాలం పట్టింది. ఆ దేశంలో పుట్టినవారే పొరబడే విషయంలో మన పిల్లలు సిగ్గుతో తల వంచుకోవలసిన పని లేదు. అయితే సిగ్గు పడనక్కరలేదంటే దిద్దుకోనక్కరలేదని కాదు, ఎందుకంటే నష్టం మాత్రం నిజమైనది.

ఏసీపీ షీటు (బోర్డులకు వాడే అల్యూమినియం పూత పలక) మీద అక్రిలిక్ అక్షరాలు అతికించే బోర్డులో అపాస్ట్రఫీ విడి ముక్కగా వస్తుంది. చిటికెన వేలి గోరంత ముక్కే అయినా, దాన్ని పీకితే కింద జిగురు మరకా, షీటు మీద గీతా మిగులుతాయి. “టిఫిన్’స్”లో ఆ ముక్క కోసం ఎన్‌కూ ఎస్‌కూ మధ్య వదిలిన ఖాళీ పన్ను ఊడిన చోటులా కనబడుతూనే ఉంటుంది. దాన్ని సరిచేయాలంటే ఎస్‌ను కూడా పీకి పక్కకు జరపాలి, అప్పుడు మాట మొత్తం బోర్డు మధ్యలో ఉండదు. ఆఫ్‌సెట్ ముద్రణలో ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు ప్లేటు ఉంటుంది కనుక, నల్ల అక్షరాల్లో తప్పు దొరికితే ఒక ప్లేటు మార్చుకుంటే సరిపోతుంది కానీ, రంగుల కలయికతో వేసిన హెడ్డింగులో దొరికితే నాలుగు ప్లేట్లూ మళ్లీ తీయాలి. మెషీను తిరిగిన తరువాత దొరికితే కాగితం కూడా పోయినట్టే. ఈ ఖర్చు ఎవరు భరించాలన్న విషయంపై ప్రెస్సు యజమానికీ పార్టీకీ (అచ్చు పని ఇచ్చినవారికీ) మధ్య జరిగే వాదనలు నేను చాలా చూశాను. ప్రూఫు మీద పార్టీ సంతకం ఉంటే సాధారణంగా నష్టం పార్టీదే అవుతుంది.

బ్లౌజులు కుట్టే షాపు పెట్టుకున్న ఒక అమ్మాయి ఒకసారి ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. “లేడీస్ టైలర్’స్” అన్న ఆమె ఫ్లెక్సును ఎవరో ఫొటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టారట. “నా కుట్టు బాగోలేదని ఎవరూ అనలేదు సార్, ఈ చుక్క చూసి నవ్వుతున్నారు” అని చెబుతూ ఆమె కళ్లు తుడుచుకుంది. ఆ చుక్క పెట్టినది ఆమె కాదు. ఫ్లెక్సు డిజైన్ చేసిన కుర్రవాడు పెట్టాడు, ఆమె నమ్మి డబ్బు ఇచ్చింది. టైలర్ ఒక్కరే కనుక ఎస్ కూడా అక్కరలేదని చెప్పి, “లేడీస్ టైలర్” అని రాసి ఇచ్చాను. అప్పుడు ఆమె అడిగిన ప్రశ్న చాలామంది చదువుకున్నవారు కూడా అడగనిది: “మరి లేడీస్‌కు పెట్టాలా సార్?”

దానికి సమాధానం ఇది. బహువచనం ఎస్‌తోనే ముగిస్తే అపాస్ట్రఫీ ఎస్ తరువాత వస్తుంది, కాబట్టి “లేడీస్’ టైలర్”, “బాయ్స్’ హాస్టల్” సరైనవే. అయితే అక్కడ లేడీస్, బాయ్స్ అన్న మాటలు సొంతదనాన్ని కాక, ఎవరి కోసమో మాత్రమే చెబుతున్నాయని భావించి అపాస్ట్రఫీ లేకుండా రాయడం కూడా బోర్డుల మీద అంగీకారమైన పద్ధతి. నేను బోర్డులకు అదే సూచిస్తాను. “బాయ్’స్ హాస్టల్” అని మాత్రం రాయవద్దు, అది ఒక్క కుర్రవాడి హాస్టల్ అవుతుంది. చిల్డ్రన్, ఉమెన్, మెన్ అనే మాటలు ఎస్ లేకుండానే బహువచనాలు కనుక, వాటికి అపాస్ట్రఫీ ముందే వస్తుంది: “చిల్డ్రన్’స్ హాస్పిటల్”, “ఉమెన్’స్ కాలేజ్”. “చిల్డ్రన్స్’” అని ఎస్ తరువాత పెట్టడం ఎప్పుడూ తప్పే. సెప్టెంబరు 5న కట్టే బ్యానరు మీద గురువులందరినీ ఉద్దేశించి “టీచర్స్’ డే” అని ఎస్ తరువాత పెట్టాలి. “మదర్’స్ డే”లో మాత్రం ఎస్‌కు ముందు, ఎందుకంటే అమెరికాలో ఆ రోజు కోసం ఉద్యమించిన అన్నా జార్విస్ ప్రతి ఇంటా ఎవరి తల్లిని వారు తలచుకోవాలన్న ఉద్దేశంతో ఏకవచనాన్నే పట్టుబట్టారు.

ఇంటి గేటు మీద పేరు చెక్కించుకునేవారికి ఒక మాట. కుటుంబం మొత్తాన్ని ఉద్దేశిస్తే “ది రెడ్డీస్”, “ది రావ్స్” అని అపాస్ట్రఫీ లేకుండా, అసలు పేరు స్పెల్లింగు మార్చకుండా ఎస్ చేర్చాలి. రెడ్డి చివరి వైని ఐఈగా మార్చకూడదు. గ్రానైటు మీద చెక్కిన తరువాత దిద్దడానికి ఏమీ ఉండదు.

అపోహ: సొంతదనం చెప్పే ప్రతి మాటకూ అపాస్ట్రఫీ కావాలి, కాబట్టి ఉత్తరం చివర “యువర్’స్ ఫెయిత్‌ఫుల్లీ” అనే రాయాలి.

వాస్తవం: రాయకూడదు, ఎప్పుడూ రాయకూడదు. షష్ఠికి అపాస్ట్రఫీ అన్న నియమం నామవాచకాలకే. హిజ్, హర్స్, అవర్స్, యువర్స్, దెయిర్స్, ఇట్స్ అనే సర్వనామాల్లో సొంతదనం ముందే ఉంది. హిజ్ అన్న మాటలో ఐకీ ఎస్‌కీ మధ్య ఎవరూ అపాస్ట్రఫీ పెట్టరు కదా, మిగిలినవాటికీ అదే న్యాయం. సెలవు చీటీ నుంచి ఉద్యోగ దరఖాస్తు వరకు మన ప్రాంతంలో రాసే ఉత్తరాల్లో ఈ “యువర్’స్” అంతగా వేళ్లూనడానికి కారణం, పిల్లలు బళ్లో నల్లబల్ల మీద ఉన్నదాన్ని ఉన్నట్టుగా ఎక్కించుకోవడం. ఉత్తరంలో చివరగా కంటబడే మాట ఇదే. దరఖాస్తులు వడపోసే వ్యక్తి అప్పటివరకు బాగా చదివినా, అక్కడ కలం ఆగుతుంది.

ఇట్స్ విషయంలో పరీక్ష చాలా సులభం. ఆ చోట “ఇట్ ఈజ్” అనో “ఇట్ హాజ్” అనో విడదీసి చదవండి. అర్థం కుదిరితే అపాస్ట్రఫీ పెట్టండి, కుదరకపోతే తీసేయండి. “కాలేజీ తన వార్షికోత్సవం జరుపుకుంది” అనే అర్థంలో ఇట్స్ రాసేటప్పుడు “ఇట్ ఈజ్ యానివర్సరీ” అని చదివితే వాక్యం నిలవదు, అందువల్ల అక్కడ గుర్తు ఉండదు. 17, 18 శతాబ్దాల పుస్తకాల్లో సొంతదనం చెప్పే ఇట్స్‌కు కూడా అపాస్ట్రఫీ వేసిన మాట నిజమే. అది నేటి దరఖాస్తుకు సాకు కాదు. ఫోనులో టైపు చేసేటప్పుడు కీబోర్డు తనంతట తానే అపాస్ట్రఫీ చేరుస్తుంది కనుక, పంపే ముందు ఒకసారి చూసుకోవాలి.

అపోహ: ఎర్ర గీత రాకపోతే తప్పు లేనట్టే.

వాస్తవం: స్పెల్లింగు సరిచూసే సాఫ్ట్‌వేరు ముందుగా చూసేది ఆ మాట నిఘంటువులో ఉందా లేదా అన్నదే. పుస్తకాలు, పెన్నులు అమ్మే కొట్టుకు రాయవలసిన స్టేషనరీలో చివర ఈ, ఆర్, వై ఉంటాయి. ఏ, ఆర్, వై రాస్తే కదలకుండా నిలిచి ఉన్నదని అర్థం. రెండూ నిజమైన మాటలే కనుక గీత తరచుగా రాదు. కాలేజీ బ్రోషర్లలో ప్రిన్సిపల్ చివర ఏ, ఎల్ బదులు ఎల్, ఈ పడి అధిపతి కాస్తా సూత్రం అవుతాడు. శుభలేఖ కింద బంధుమిత్రుల అభినందనలు తెలిపే “కాంప్లిమెంట్స్”లో ఐ ఉండవలసిన చోట ఈ వస్తుంది. అదే శుభలేఖలో దంపతులిద్దరూ ఆహ్వానిస్తున్నప్పుడు “ఇన్వైట్” అనాలి. “ఇన్వైట్స్” అంటే ఒక్కరే పిలుస్తున్నారని.

ఒక్క ఎస్ ఏం చేస్తుందిలే అనేవారికి కార్డిఫ్ నగరపు ఉదంతం చెబుతుంటాను. 2009లో బ్రిటన్ కంపెనీల రిజిస్ట్రీ “టేలర్ అండ్ సన్” అనే సంస్థ మూసివేత ఉత్తర్వును, దానితో ఏ సంబంధమూ లేని “టేలర్ అండ్ సన్స్” అనే పాత ఇంజనీరింగ్ సంస్థ పేరు మీద నమోదు చేసింది. కొద్ది రోజుల్లోనే సవరించినా, సరుకు ఇచ్చేవారు అప్పు ఆపేశారు, సంస్థ కూలిపోయింది. రిజిస్ట్రీయే బాధ్యత వహించాలని 2015లో అక్కడి హైకోర్టు తేల్చింది.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. శ్రీనివాస్ వంటి పేర్లకు షష్ఠిలో అపాస్ట్రఫీతో పాటు మరో ఎస్ చేర్చినా, చేర్చకపోయినా తప్పు కాదు. పత్రం మొత్తంలో ఒకే పద్ధతి పాటించండి. 1990ల కాలాన్ని రాసేటప్పుడు, ఎమ్మెల్యేలు, సీడీలు అన్నప్పుడు ఇప్పుడు అపాస్ట్రఫీ పెట్టరు. పాత పత్రికల్లో కనబడితే అది ఆనాటి పద్ధతి. ఊళ్ల పేర్లకు వేరే లెక్క ఉంది: అమెరికాలో 1890లో ఏర్పడిన భౌగోళిక నామాల బోర్డు సొంతదనపు అపాస్ట్రఫీని దాదాపుగా తొలగించింది, మార్థాస్ వినియార్డ్ దీవికి మాత్రం 1933లో మినహాయింపు ఇచ్చింది. కాబట్టి అమెరికా చిరునామా రాసేటప్పుడు అక్కడివారు రాసినట్టే రాయండి. ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్, ఎక్విప్‌మెంట్, లగేజ్ అనే మాటలకు ఎస్ చేరదు. “డిస్కస్” తరువాత “అబౌట్” వద్దు, “రివర్ట్” తరువాత “బ్యాక్” వద్దు. తేదీని ముందుకు జరపడమనే అర్థంలో వాడే “ప్రీపోన్” అసలు మాటే కాదని చెప్పేవారిని నమ్మకండి. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు దాన్ని ఎప్పుడో చేర్చుకుంది. “అండ్”, “బట్”తో వాక్యం మొదలుపెట్టకూడదన్నది కూడా వట్టి మాటే.

ప్రూఫు మీద సంతకం పెట్టే ముందు ఒక పని చేయండి. అర్థం కోసం చదవడం పక్కన పెట్టి, ఎస్‌తో ముగిసే మాటలను మాత్రమే చివర నుంచి మొదటికి వెతికి, ఒక్కొక్క దాని కింద పెన్సిలుతో గీత గీయండి. ప్రతి గీత దగ్గరా ఇది అనేకమా, ఒకరి సొంతమా, ఏదైనా అక్షరం పోయిందా అని అడగండి. అనేకమే అయితే గుర్తు తీసేయండి. అక్షరాల మధ్య ఎస్కేప్ కీ కింద ఉండే ఏటవాలు గీతను అపాస్ట్రఫీగా వాడి ఉంటే అదీ మార్పించండి. దిద్దిన కాగితం మీద తేదీ వేసి ఫొటో తీసి ఉంచుకోండి, ప్లేటు తీసేటప్పుడు పాత ఫైలే వెళ్లిపోవడం అరుదేమీ కాదు.