కామంచి ఒక్కటి కాదు: పుప్పొడి, డీఎన్‌ఏ పరీక్షల మీద అపోహలు – వాస్తవాలు

“ఆకు పంపించాం, మ్యాట్‌కే సీక్వెన్స్ వచ్చింది. జెన్‌బ్యాంకులో బ్లాస్ట్ కొడితే 100 శాతం సొలానమ్ నైగ్రమ్ అని చూపించింది. ఇంక హెర్బేరియం షీటు ఎందుకండీ?”

మొక్కల వర్గీకరణ పనిలో ఉన్నవాళ్లకి ఏటా ఎదురయ్యే ప్రశ్న ఇది. మ్యాట్‌కే అంటే జాతిని గుర్తుపట్టడానికి చదివే ఒక జన్యువు, సీక్వెన్స్ అంటే దాని డీఎన్‌ఏ అక్షరాల వరస, జెన్‌బ్యాంకు అలాంటి వరసల ఆన్‌లైన్ భండారం, బ్లాస్ట్ అందులో పోలికలు వెతికే పనిముట్టు, హెర్బేరియం షీటు అంటే ఎండబెట్టి కాగితానికి అతికించిన మొక్క నమూనా. అడిగేవాళ్లలో ఎక్కువమంది ఎమ్మెస్సీ ప్రాజెక్టు పిల్లలు, పీహెచ్‌డీలో కొత్తగా చేరినవాళ్లు. ఫెలోషిప్పు డబ్బులో సగం సీక్వెన్సింగుకే పెట్టి ఉంటారు. అప్పటికి మొక్క ఎండిపోయి ఉంటుంది, గట్టు దున్నేసి ఉంటారు. వాళ్ల కంగారు అర్థం చేసుకోదగ్గదే. “డీఎన్‌ఏ ఒక్కటి చాలు, మిగతావన్నీ పాతకాలం పద్ధతులు” అని వాళ్ల చెవిన వేసినవాళ్ల మీదే కోపం వస్తుంది.

పై ప్రశ్నలోని మొక్క కామంచినే తీసుకుందాం. పొలం గట్ల మీద, పెంటకుప్పల పక్కన, పెరట్లో నీళ్లు పారబోసే చోట మొలిచే మొక్క. ఆ ఒక్క పేరు కింద మన దేశంలో కనీసం మూడు జాతులున్నాయి. సొలానమ్ అమెరికానమ్‌కి 24 క్రోమోజోములు, సొలానమ్ విల్లోసమ్‌కి 48, సొలానమ్ నైగ్రమ్‌కి 72. లిన్నేయస్ 1753లో నైగ్రమ్ అని ఒకే జాతి పెట్టి, తేడాలన్నిటినీ దాని కింద రకాలుగా సర్దాడు. మిల్లర్ 1768లో అమెరికానమ్, విల్లోసమ్ పేర్లు విడిగా పెట్టాడు. అయినా ఈరోజుకీ చాలా కాలేజీ హెర్బేరియాల్లో మూడూ ఒకే ఫోల్డరులో నైగ్రమ్ పేరుతోనే కనిపిస్తాయి.

అపోహ: డీఎన్‌ఏ బార్‌కోడ్ చేయిస్తే జాతి పేరు తేలిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. బార్‌కోడ్ అంటే జాతిని గుర్తుపట్టడానికి చదివే చిన్న డీఎన్‌ఏ ముక్క. మొక్కలకి ప్రామాణిక బార్‌కోడ్‌గా 2009లో సిఫారసు చేసినవి ఆర్‌బీసీఎల్, మ్యాట్‌కే. రెండూ హరితరేణువు జన్యువులే. హరితరేణువు ఈ మొక్కల్లో తల్లి వైపు నుంచే వస్తుంది. ఇప్పుడు నైగ్రమ్ ఎలా పుట్టిందో చూడండి. 48 క్రోమోజోముల విల్లోసమ్‌కీ 24 క్రోమోజోముల అమెరికానమ్‌కీ సంకరం జరిగి, ఆ గొడ్డు సంకరంలో క్రోమోజోములు రెట్టింపయ్యి 72తో నైగ్రమ్ వచ్చిందన్నది విస్తృతంగా అంగీకరించిన వివరణ. అలాంటి మొక్కలో హరితరేణువు డీఎన్‌ఏ చదివితే తెలిసేది తల్లి సంగతి ఒక్కటే. తండ్రి అందులో కనిపించడు. పైగా ఇంత దగ్గరి జాతుల మధ్య ఈ రెండు జన్యువుల్లో తేడాలు బహు తక్కువ.

బ్లాస్ట్ ఫలితంలో మొదటి వరస చూసి ఆపేయకండి, కిందికి జరపండి. అదే స్కోరుతో రెండు మూడు జాతుల పేర్లు వరసగా ఉంటాయి. స్కోరు సమానమైనప్పుడు ఏ పేరు పైన ఉందన్నదానికి అర్థం లేదు. ఆ పైన, జెన్‌బ్యాంకులో సీక్వెన్స్ ఎక్కించినవాళ్లు పెట్టిన పేరే ఉంటుంది. అమెరికానమ్‌ని నైగ్రమ్ అనుకుని ఎక్కించిన తప్పు మీ పేపర్లోకీ వస్తుంది, మీ పేపర్ని చూసి ఇంకొకరు అదే తప్పు చేస్తారు. ఎంట్రీకి వోచర్ (ఆ డీఎన్‌ఏ తీసిన మొక్క ఎండు నమూనా) నంబరు ఉందా, ఆ షీటు ఏ హెర్బేరియంలో ఉంది అన్నది చూసుకోవాలి. వోచర్ లేని ఎంట్రీని సాక్ష్యంగా వాడొద్దు.

“అయితే కేంద్రకంలోని ఐటీఎస్ చేయిస్తాం” అంటారు. మంచిదే, కానీ దాని ఇబ్బందులు దానికున్నాయి. ఐటీఎస్ అంటే కేంద్రక డీఎన్‌ఏలో రైబోజోమ్ జన్యువుల మధ్య ఉండే ముక్క, దానికి ఒక్కో కణంలో వందల ప్రతులుంటాయి. కాలం గడిచేకొద్దీ అవన్నీ ఒకే రూపానికి సర్దుకుపోయే గుణం ఉంది. అలా సర్దుకుపోతే సంకరజాతిలో కూడా ఒక్క తలిదండ్రి రూపమే మిగలొచ్చు. సర్దుకోకపోతే క్రొమాటోగ్రామ్‌లో (సీక్వెన్సింగ్ యంత్రం గీసే గ్రాఫు) ఒకే చోట రెండు శిఖరాలు కనిపిస్తాయి, ఎర్ర గీత కింద నీలం గీత లేచినట్టు. సాఫ్ట్‌వేర్ ఎత్తైనదాన్ని తీసుకుని రెండోదాన్ని వదిలేస్తుంది. టెక్స్ట్ ఫైలు ఒక్కటే తెప్పించుకున్నవాళ్లకి ఈ విషయం ఎప్పటికీ తెలియదు. ఆ గ్రాఫు ఉండే ఏబీ1 ఫైలు అడిగి తెప్పించుకోండి, ప్రతి అక్షరం దగ్గరా కళ్లతో చూడండి. ఒకేచోట రెండు శిఖరాలు, రెండు వైపుల రీడింగులోనూ అదే చోట వస్తే అది మురికి కాదు, సాక్ష్యం.

అలాంటప్పుడు వ్యాక్సీ లాంటి తక్కువ ప్రతుల కేంద్రక జన్యువుని తీసుకుని క్లోనింగ్ చేయాలి, అంటే ఒక్కో ప్రతినీ ఒక్కో బ్యాక్టీరియా కాలనీలోకి విడదీసి చదవాలి. ఎన్ని కాలనీలు చదవాలి? నైగ్రమ్‌లో విల్లోసమ్ వైపు నాలుగు సెట్లు (ఒక్కో సెట్టు 12 క్రోమోజోములు), అమెరికానమ్ వైపు రెండు అనుకుందాం. ఐదు కాలనీలే చదివితే తక్కువగా ఉన్న రూపం అసలు దొరకకపోయే అవకాశం 100కి 13. పది చదివితే 100కి 2 లోపు. కాబట్టి పదికి తగ్గించొద్దు. ఒక్క కాలనీలోనే వచ్చిన వింత రూపాన్ని నమ్మొద్దు, డీఎన్‌ఏ ప్రతుల్ని పెంచే పీసీఆర్‌లోనే రెండు రూపాలు అతుక్కుని పుట్టినది కావచ్చు.

ఇంకో పొరపాటు బూజు. ఐటీఎస్1, ఐటీఎస్4 ప్రైమర్లు (పీసీఆర్ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) శిలీంధ్రాల డీఎన్‌ఏని కూడా పెంచుతాయి. ఆకు మీద బూడిద తెగులు మచ్చ ఉంటే డీఎన్‌ఏని పరిగెత్తించి చూసే జెల్‌లో చక్కటి బ్యాండే వస్తుంది, సీక్వెన్స్ మాత్రం బూజుది. మచ్చలేని లేత ఆకు తీసుకుని 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, ఆకు బరువుకి పదింతల సిలికా జెల్‌లో వేయండి. 24 గంటల్లో ఎండాలి, వేళ్ల మధ్య నలిపితే అప్పడంలా విరగాలి. మెత్తగా వంగితే డీఎన్‌ఏ ముక్కలవుతున్నట్టే. మెర్క్యురిక్ క్లోరైడ్‌లో ముంచిన పాత హెర్బేరియం ఆకు మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

అపోహ: పుప్పొడి రేణువు సైజు కొలిస్తే జాతి తెలిసిపోతుంది.

ఇది సగం నిజం, అందుకే ప్రమాదం. క్రోమోజోముల సెట్లు పెరిగితే రేణువు పెరుగుతుంది. కానీ పెరిగేది ఘనపరిమాణం, మనం కొలిచేది వ్యాసం. పరిమాణం రెండింతలైతే వ్యాసం పెరిగేది 1.26 రెట్లే, మూడింతలైతే 1.44 రెట్లు. అంటే 24 క్రోమోజోముల మొక్కలో రేణువు సగటున 20 మైక్రోమీటర్లుంటే, 48లో 25, 72లో 29 చుట్టుపక్కల ఆశించాలి. ఇవి లెక్క ప్రకారం సగటులు, మొక్కమొక్కకీ అటూ ఇటూ ఉంటాయి. అమెరికానమ్, నైగ్రమ్ మధ్య తేడా చెప్పగలం. విల్లోసమ్ మధ్యలో ఇరుక్కుంటుంది, రెండు వైపులా కలిసిపోతుంది. పుప్పొడి ఒక్కదాన్నే పట్టుకుని దాన్ని తేల్చలేం.

కొలతలో తప్పు ఎక్కడ దొర్లుతుందంటే, 40 ఎక్స్ ఆబ్జెక్టివ్ కింద ఆక్యులర్ మైక్రోమీటర్‌లో (కంటి దగ్గరి కటకంలో ఉండే స్కేలు) ఒక గడి సుమారు 2.5 మైక్రోమీటర్లు. 20కీ 25కీ మధ్య ఉన్నది రెండు గడులే. ఒక్క గడి తప్పు చదివితే సగం తేడా పోయినట్టే. 100 ఎక్స్ ఆయిల్ ఇమ్మర్షన్‌లో గడి సుమారు 1 మైక్రోమీటరు, అందులోనే కొలవండి. స్టేజ్ మైక్రోమీటర్‌తో (కొలత తెలిసిన గీతలున్న స్లైడు) మీ మైక్రోస్కోపుకి మీరే కాలిబ్రేట్ చేసుకోండి. పక్క ల్యాబువాళ్లు చెప్పిన అంకె పనికిరాదు.

పూవు విచ్చాక పరాగకోశం కొనన ఉన్న రంధ్రాల్లోంచి పుప్పొడి రాలిపోతుంది. అందుకని మర్నాడు విచ్చబోయే మొగ్గ కోయండి. ఒక్కో మొక్కకి మూడు పూలు, 50 రేణువులు, జనాభాకి కనీసం ఐదు మొక్కలు. సగటు ఒక్కటి రాసి ఊరుకోకుండా హిస్టోగ్రామ్ గీయండి. రెండు మూపులు కనిపిస్తే క్షయకరణ విభజన సరిగ్గా జరగక పెద్ద రేణువులు కలిశాయని అర్థం. రెండిటినీ కలిపి సగటు తీస్తే లేని జాతి పుట్టుకొస్తుంది.

అసిటాలిసిస్ (ఆమ్లాలతో రేణువు లోపలిదంతా కరిగించి గోడ ఒక్కటే మిగిల్చే పద్ధతి) చేస్తే రేణువు ఉబ్బుతుంది. గ్లిజరిన్ జెల్లీలో నెలల తరబడి ఉంచిన స్లైడులో ఇంకా ఉబ్బుతుంది. కాబట్టి అసిటోకార్మిన్ అనే ఎర్ర రంగులో కొలిచిన మీ అంకెని, ఎవరో అసిటాలిసిస్ చేసి అచ్చువేసిన అంకెతో పోల్చకూడదు. ఒకే పద్ధతి, ఒకే వారం, తెలిసిన జాతుల స్లైడులు పక్కన పెట్టుకుని కొలవాలి.

అసిటాలిసిస్‌లో జాగ్రత్త గురించి ఒక్క మాట. అసిటిక్ ఆన్‌హైడ్రైడ్ 9 పాళ్లు, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 1 పాలు. ఆమ్లాన్ని ఆన్‌హైడ్రైడ్‌లోకి చుక్కచుక్కగా వేయాలి, ఫ్యూమ్ హుడ్ కిందే. పుప్పొడిలో నీటి తడి ఉంటే ట్యూబులోంచి చిమ్ముతుంది. అందుకే ముందు గ్లేసియల్ అసిటిక్ ఆమ్లంతో కడిగి, సెంట్రిఫ్యూజ్ తిప్పి, పైది వంపేశాకే మిశ్రమం పోయాలి. వాటర్ బాత్‌లో మూడు నాలుగు నిమిషాలు చాలు. ఎక్కువసేపుంచితే గోడ నల్లబడి రంధ్రాలు కనిపించవు. అయ్యాక మళ్లీ గ్లేసియల్ అసిటిక్, ఆ తర్వాతే నీళ్లు.

సైజు చూసి అనుమానం వస్తే నేరుగా క్రోమోజోములే లెక్కపెట్టండి. చిన్న మొగ్గల్ని పొద్దున్నే ఆల్కహాల్ 3, అసిటిక్ ఆమ్లం 1 కలిపిన ద్రావణంలో వేసి, మర్నాడు పరాగకోశాన్ని అసిటోకార్మిన్‌లో నలిపితే 12, 24, 36 జంటల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది. కణంలో డీఎన్‌ఏ ఎంతుందో కొలిచే ఫ్లో సైటోమెట్రీ ఉంటే ఇంకా తొందరగా అవుతుంది, కానీ క్రోమోజోములు లెక్కపెట్టిన మొక్క ఒకటి పక్కన ఉంచి పోల్చుకోవాలి.

అపోహ: అసిటోకార్మిన్ రంగు పట్టని రేణువులు ఎక్కువుంటే అది సంకరం.

కావచ్చు. మే నెల ఎండ కూడా కావచ్చు, వైరస్ కూడా కావచ్చు. అదే మొక్కని చల్లబడ్డాక మళ్లీ చూడండి. రంగు పట్టినంత మాత్రాన రేణువు మొలకెత్తుతుందనీ కాదు.

అపోహ: ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటో లేకుంటే పుప్పొడి సాక్ష్యం చెల్లదు.

ఈ మూడు జాతుల రేణువు పైతలం దాదాపు ఒకేలా, సన్నని గరుకుగా ఉంటుంది. ఆ ఫొటో అందంగా ఉంటుందే కానీ జాతిని విడదీయదు. ఆ డబ్బు పెట్టి ఇంకో పది కాలనీలు చదివించుకోవచ్చు.

అపోహ: పండు నల్లగా ఉంటే నైగ్రమ్.

అమెరికానమ్ పండూ నలుపే. కానీ అది అద్దంలా మెరుస్తుంది, రక్షకపత్రాలు పండుని వదిలి వెనక్కి మడుచుకుంటాయి, పండ్ల కాడలన్నీ గొడుగు ఊచల్లా ఇంచుమించు ఒకే చోట నుంచి లేస్తాయి. నైగ్రమ్ పండు మెరుపు తక్కువ, కాడలు ఈనె పొడవునా కొంచెం కొంచెం ఎడంగా ఉంటాయి. పండినా ఆకుపచ్చగానే ఉండే నైగ్రమ్ మొక్కలూ ఉన్నాయి. పరాగకోశం కొలవండి: అమెరికానమ్‌లో 1.5 మిల్లీమీటర్లకి మించదు, నైగ్రమ్‌లో దాదాపు 2. నారింజ రంగు పండు విల్లోసమ్ గుర్తు. చేతిలో స్కేలు, భూతద్దం ఉంటే గట్టు మీదే సగం పని అయిపోతుంది.

అపోహ: పుప్పొడి ఒకటి చెప్పి డీఎన్‌ఏ ఇంకోటి చెబితే, ఏదో ఒక పరీక్ష తప్పు.

కంగారుపడి ఒకదాన్ని దాచేయకండి. నైగ్రమ్‌ని హరితరేణువు డీఎన్‌ఏతో గీసిన వంశవృక్షం ఒక తలిదండ్రి పక్కన కూర్చోబెడుతుంది, రేణువు సైజు మాత్రం 72 క్రోమోజోములని చెబుతుంది. రెండూ నిజమే. ఆ తేడాయే సంకరం జరిగిందన్న కబురు.

కామంచి తింటే చస్తారన్న పుకారు సంగతి కూడా ఒక మాట. బెల్లడోనా అనే విషపు మొక్కని ఇంగ్లిషులో పిలిచే పేరూ (డెడ్లీ నైట్‌షేడ్) దీని పేరూ (బ్లాక్ నైట్‌షేడ్) దగ్గరగా ఉండటం వల్ల వచ్చిన గందరగోళం అది. బెల్లడోనా వేరే ప్రజాతి, మన మైదానాల్లో మొలవదు. ఆకు పప్పులో వండుకునేవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. పచ్చికాయల్లో మాత్రం గ్లైకోఆల్కలాయిడ్లనే విషపదార్థాలు ఉంటాయి, పిల్లల్ని తిననివ్వకండి. పిల్లాడు పచ్చికాయలు తిన్నాడని తెలిస్తే ఇంటర్నెట్లో వెతుకుతూ కూర్చోకుండా, ఆ కొమ్మ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఈ సీజనులో సేకరణకి వెళ్లేవాళ్లు ఒక్కో మొక్క నుంచి నాలుగు తీసుకోండి: పూలూ పండిన పండ్లూ ఉన్న కొమ్మ పేపర్లో, లేత ఆకు సిలికాలో, విచ్చబోయే పెద్ద మొగ్గలతో పాటు చిన్న మొగ్గలు 3:1 ద్రావణంలో, గింజలు కాగితం పొట్లంలో. పండు రంగు, మెరుపు, రక్షకపత్రాల వంపు అక్కడికక్కడే రాసుకోండి, ఎండాక ఏవీ మిగలవు. నాలుగింటి మీదా ఒకటే నంబరు, పెన్సిల్‌తో. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.