వెండి సిమెంట్: 2013లో విప్పకుండా వదిలేసిన ముడి

పుచ్చిపోయిన దవడ పంటికి 'వెండి సిమెంట్' పెట్టించుకున్నవాళ్లు మన ఇళ్లలో ఇంకా చాలామందే ఉన్నారు. పేరుకే వెండి, బరువులో దాదాపు సగం పాదరసమే. 2034 కల్లా దాని వాడకం ఆపేయాలని 2025 నవంబరులో జెనీవాలో, పాదరసం వాడకాన్ని తగ్గించడానికి కుదిరిన మినమాటా ఒప్పంద దేశాలు నిర్ణయించడంతో పాత గొడవ మళ్లీ రాజుకుంది. 2030కే ఆపాలని ఆఫ్రికా దేశాలు పట్టుబట్టాయి. అంత తొందర కుదరదన్న దేశాల్లో మనదీ ఉంది.

నోట్లో పాదరసం ఒంటికి హాని చేస్తుందా అన్న తగువు 1840ల నుంచీ ఉన్నదే. 2006లో వెలువడిన రెండు అధ్యయనాల్లో అమెరికా, పోర్చుగల్ పిల్లలను ఏళ్ల తరబడి గమనించినా తెలివితేటల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయినా నిషేధం ఎందుకొచ్చిందంటే 2013 అక్టోబరుకు వెళ్లాలి.

జపాన్‌లోని కుమమోటోలో ఈ ఒప్పందం కుదిరింది అప్పుడే. థర్మామీటర్లకు, బీపీ మిషన్లకు, చాలా రకాల బ్యాటరీలకు 2020 గడువు పెట్టారు. పంటి సిమెంట్‌కు మాత్రం గడువే లేదు. తొమ్మిది చర్యలు రాసి, వాటిలో ఏవైనా రెండు పాటిస్తే చాలన్నారు. పళ్లు పుచ్చకుండా చూసుకోవడం కూడా అందులో ఒకటి! దాన్ని కాదనేదెవరు?

దంతవైద్యుల వాదన తెలిసిందే: చవక, గట్టిది, కాస్త తడి తగిలినా నిలుస్తుంది. పంటి రంగులో ఉండే కాంపోజిట్‌కైతే పన్ను పొడిగా ఉండాలి, పొరపొరకీ నీలి లైటు పట్టాలి. ఖర్చూ ఎక్కువే.

అవతలి పక్షం చూపించేది డాక్టరుగారి సింకుని. ఒకప్పుడు పాదరసాన్ని కల్వంలో వెండి పొడితో నూరి, గుడ్డలో వేసి పిండేవారు. ఇప్పుడు క్యాప్సూల్స్ వచ్చినా, పాత సిమెంట్ తవ్వినప్పుడు వచ్చే పొడి పుక్కిలించిన నీళ్లతో డ్రైనేజీలోకే పోతుంది. ఆ పాదరసం చెరువుల్లో, సముద్రంలో సూక్ష్మజీవుల వల్ల మరింత విషంగా మారి చేపల్లో చేరుతుంది. శవదహనంలో పళ్లలోది ఆవిరై గాలిలో కలుస్తుంది. అమెరికా 2017లో దంత క్లినిక్కుల డ్రైనేజీకి వడపోత యంత్రం తప్పనిసరి చేసింది ఇందుకే.

పేద దేశాలకు వేరే దారి లేదన్న మాటకు జవాబు టాంజానియాలోనే ఉంది. డ్రిల్లూ కరెంటూ లేకుండా, చేతి పనిముట్లతో పుచ్చు గీకి, గ్లాస్ అయనోమర్ అనే పాదరసం లేని సిమెంట్ నింపే పద్ధతి 1980ల మధ్యలో పుట్టింది అక్కడే. రెండు మూడు వైపులా తిన్న పెద్ద పుచ్చుకు అది అంతగా ఆగదు, నిజమే. చిన్నపిల్లల చిన్న పుచ్చులకు మాత్రం బాగా పనికొస్తుంది.

ఆ తర్వాత మెలిక బిగుస్తూనే వచ్చింది. 15 ఏళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఐరోపా సమాఖ్య 2018లో వద్దంది. మినమాటా దేశాలు 2022లో అదే దారి పట్టాయి. 2025 జనవరి నుంచి ఐరోపా సమాఖ్యలో, వైద్యపరంగా తప్పనిసరైతే తప్ప, ఎవరికీ పెట్టకూడదు. మన దేశం ఒప్పందాన్ని ఆమోదించింది 2018లో.

ఇప్పటికే నోట్లో ఉన్న సిమెంట్ బాగుంటే భయపడి తీయించుకోవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో చెప్పింది. తీసేటప్పుడే పాదరసం ఆవిరి ఎక్కువగా వస్తుంది.