బ్యాట్ మీద ముద్ర, మణికట్టు మీద దారం: హైస్కూల్ బేస్‌బాల్ అంపైర్ల ‘చాదస్తం’పై అపోహలు – వాస్తవాలు

అమెరికా హైస్కూల్ బేస్‌బాల్‌లో స్ట్రైక్ జోన్ (బంతి సరైన చోటుగా వచ్చిందా లేదా అని తేల్చే హద్దు) తర్వాత అంపైర్లు ఎక్కువ తిట్లు తినేది సామాన్ల దగ్గరే. బ్యాట్ పక్కన పెట్టమంటారు, చొక్కా మార్చుకోమంటారు, క్యాచర్‌ని (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాణ్ని) లోపలికి పంపి మళ్లీ రమ్మంటారు. క్రికెట్ చూస్తూ పెరిగిన మన తల్లిదండ్రులకు ఇదంతా పనిలేని పనిలా కనిపిస్తుంది. నిజానికి ఈ రూల్స్ అన్నీ ఒక్క జాతివి కావు. కొన్ని ప్రాణం కాపాడేవి, కొన్ని ఆట సమంగా సాగేలా చూసేవి, ఇంకొన్ని కేవలం ముస్తాబుకు సంబంధించినవి. వీటిని కలగలిపి చూసినప్పుడే గొడవ మొదలవుతుంది. ఆ తప్పు తల్లిదండ్రులూ చేస్తారు, కొందరు అంపైర్లూ చేస్తారు.

అపోహ: బేస్‌బాల్ అంటే ఒకటే రూల్‌బుక్. టీవీలో ఒప్పుకున్నది ఇక్కడెందుకు ఒప్పుకోరు?

వాస్తవం: హైస్కూల్ ఆటకు దేశం మొత్తానికీ రూల్స్ రాసేది ఇండియానాపొలిస్‌లో ఉన్న ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ (రాష్ట్రాల హైస్కూల్ అసోసియేషన్ల జాతీయ సమాఖ్య). వాటిని రాష్ట్ర అసోసియేషన్లు కొద్దిపాటి మార్పులతో అమలు చేస్తాయి. చిన్నపిల్లల లిటిల్ లీగ్ పుస్తకం వేరు, శని ఆదివారాల్లో క్లబ్బు జట్లు ఆడే ట్రావెల్ బాల్ పుస్తకం వేరు, టీవీలో కనిపించే ప్రొఫెషనల్ మేజర్ లీగ్ పుస్తకం వేరు. పిల్లాడు శనివారం వాడిన బ్యాట్ మంగళవారం స్కూల్ మ్యాచ్‌లో చెల్లకపోవడానికి కారణం ఇదే.

మేజర్ లీగ్ ఉదాహరణలు తెచ్చి వాదించేవారు తప్పకుండా ఎత్తే కథ జార్జ్ బ్రెట్‌ది. 1983 జులై 24న యాంకీ స్టేడియంలో అతను హోమ్ రన్ కొట్టాక, బ్యాట్ మీద పట్టు కోసం పూసే పైన్ టార్ జిగురు 18 అంగుళాలు దాటిందని అంపైర్లు అవుట్ ఇచ్చారు. తర్వాత లీగ్ అధ్యక్షుడు లీ మెక్‌ఫెయిల్ ఆ నిర్ణయాన్ని కొట్టేశాడు. మిగిలిన ఆటను ఆగస్టు 18న ఆడించారు. హైస్కూల్‌లోనూ జిగురుకు హద్దు 18 అంగుళాలే. అయితే మెక్‌ఫెయిల్ తీర్పు ఆ లీగ్ రూల్ మీద ఇచ్చినది. దాన్ని స్కూల్ గ్రౌండ్‌లో చదివి వినిపిస్తే పని జరగదు.

అపోహ: బ్యాట్ ఏదైతేనేం, కొట్టేది పిల్లాడే కదా.

వాస్తవం: బోలు లోహపు బ్యాట్ గోడ బంతి తగిలినప్పుడు లోపలికి వంగి, తిరిగి బంతిని నెడుతుంది. గోడ ఎంత పలుచనైతే బంతి అంత వేగంగా పోతుంది. ఎదురుగా 60 అడుగుల 6 అంగుళాల దూరంలో బంతి విసిరే పిచర్ ఉంటాడు. బంతి విసిరి ముందుకు వాలాక ఆ దూరం ఇంకా తగ్గుతుంది. అందుకే 2012 జనవరి 1 నుంచి హైస్కూల్ ఆటలో బీబీకోర్ ప్రమాణం తప్పనిసరి చేశారు. బంతి, బ్యాట్ ఢీకొన్నప్పుడు ఎంత వేగం తిరిగి వస్తుందో కొలిచే ఈ లెక్కలో హద్దు .50.

కొనేటప్పుడు చూడాల్సినవి నాలుగు. బ్యారెల్ (బంతి తగిలే లావు భాగం) వ్యాసం 2 5/8 అంగుళాలు మించకూడదు. పొడవు 36 అంగుళాలు దాటకూడదు. పొడవు అంగుళాల్లో, బరువు ఔన్సుల్లో రాసుకుని తీసివేస్తే తేడా 3 కంటే ఎక్కువ రాకూడదు: 33 అంగుళాల బ్యాట్ కనీసం 30 ఔన్సులు ఉండాలి. 32 అంగుళాలకు 27 ఔన్సులంటే తేడా 5, చెల్లదు. నాలుగోది, బ్యారెల్ మీద బీబీకోర్ .50 ముద్ర స్పష్టంగా కనిపించాలి. 1.15 బీపీఎఫ్ అని ఉన్న, ట్రావెల్ బాల్‌లో వాడే యూఎస్‌ఎస్‌ఎస్‌ఏ ముద్ర గానీ, చిన్నపిల్లల యూఎస్‌ఏ బేస్‌బాల్ ముద్ర గానీ ఇక్కడ పనికిరావు. తొమ్మిదో తరగతిలో చేరిన పిల్లలు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. పాత బ్యాట్‌కు నాలుగు వందల డాలర్లు పోశాం కాబట్టి ఇంకో ఏడాది లాగిద్దామనుకుంటారు. ఒకే కర్రతో చెక్కిన బ్యాట్‌కు బీబీకోర్ ముద్ర అక్కర్లేదు. వెదురువి, అతికించిన కర్రవి అయితే కావాలి.

శిక్ష విషయంలో జనానికి తెలియనిది చాలా ఉంది. చెల్లని బ్యాట్ డగౌట్‌లో (జట్టు కూర్చునే చోట) ఉన్నంత మాత్రాన ఎవరూ అవుట్ కారు. దానితో బ్యాటర్స్ బాక్స్‌లో (బ్యాటర్ నిలబడి ఆడే గడిలో) అడుగుపెడితేనే అవుట్. కొట్టిన తర్వాత బయటపడినా, తర్వాతి బంతి పడేలోపు ఫీల్డింగ్ జట్టు అడగవచ్చు. అప్పుడు నిర్ణయం వాళ్ల చేతిలో ఉంటుంది: బ్యాటర్‌ని అవుట్‌గా తీసుకుని రన్నర్లను వెనక్కి పంపవచ్చు, లేదా జరిగిన ఆటనే ఉంచుకోవచ్చు. డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరు అవుట్) అయి ఉంటే ఉంచుకుంటారు, రెండు పరుగులు పోయి ఉంటే అవుట్ అడుగుతారు. హెడ్ కోచ్‌కూ శిక్ష ఉంది. మొదటిసారి మిగిలిన ఆటంతా డగౌట్‌కే పరిమితం, రెండోసారి బయటికి. కాబట్టి ఆన్-డెక్ సర్కిల్‌లో (తర్వాత ఆడాల్సినవాడు వేచి ఉండే చోట) పిల్లాడు బ్యాట్ ఊపుతుండగానే చూసి ‘అది తీసేయ్, ఇంకోటి తెచ్చుకో’ అనే అంపైర్ చాదస్తుడు కాడు, ఆ జట్టుకు మేలు చేస్తున్నాడు.

పగిలిన, సొట్టపడిన బ్యాట్ సంగతి వేరు. దాన్ని ఆట నుంచి తీసేస్తారు, అంతే. అవుట్ లేదు, కోచ్‌కు శిక్ష లేదు. ‘మీ బ్యాట్‌లో సొట్ట ఉంది’ అనగానే కోచ్ పెద్దగా అరుస్తున్నాడంటే ఈ తేడా తెలియకపోవడమే కారణం. సీజన్ మొదట్లో, మార్చి చలిలో, కాంపోజిట్ (కార్బన్ పీచు లాంటి మిశ్రమంతో చేసిన) బ్యాట్లు ఎక్కువగా చీలతాయి. 60 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తక్కువలో వాడొద్దని చాలా కంపెనీలే చెబుతాయి. గోరుతో బ్యారెల్ చుట్టూ రాస్తే చీలిక తగులుతుంది. నేలకు మెల్లగా తట్టితే మంచి బ్యాట్ ఖంగుమంటుంది, చీలినది బొంగురుగా మోగుతుంది. బంతి వేగం పెంచుకోవడానికి బ్యాట్‌ను రోలర్ల మధ్య నొక్కించడం, లోపలి గోడ గీకించడం మాత్రం వేరే కోవ. అలా మార్చినది చెల్లని బ్యాటే.

ఇదంతా అమెరికావాళ్ల అతి అనుకునేవారు 2025 ఐపీఎల్ గుర్తుచేసుకోవాలి. అంపైర్లు మైదానంలోనే బ్యాట్లను గేజ్‌లో దూర్చి చూశారు. హద్దులు: వెడల్పు 108, మందం 67, అంచు 40 మిల్లీమీటర్లు. అక్కడా ఇక్కడా భయం ఒకటే: బ్యాట్ మరీ బలమైనదైపోతుందని.

అపోహ: దిష్టి తాడో, కంకణమో ఉంటే పిల్లాణ్ని ఆడనివ్వరు.

వాస్తవం: ఇది పాత మాట. చాలాకాలం నగలన్నీ నిషేధమే. మతపరమైన పతకం ఉంటే టేప్ వేసి చొక్కా లోపల దాచుకోవాలి, మెడికల్ అలర్ట్ బిళ్లకూ టేప్ వేయాలి. ఒకసారి జట్టుకు హెచ్చరిక పడ్డాక, ఇంకొకడి మెడలో గొలుసు కనిపిస్తే వాణ్ని ఆట నుంచి పంపేయాల్సి వచ్చేది. అంపైర్లకు కూడా ఇష్టంలేని రూల్ అది. జాతీయ పుస్తకం ఇటీవలి సంవత్సరాల్లో ఆ నిషేధాన్ని ఎత్తేసింది. పోగులు, గొలుసు, మొలతాడు, నల్లదారం ఇప్పుడు సమస్య కాదు. ఇప్పటికీ ‘గొలుసు తీసెయ్’ అనే అంపైర్ కనిపిస్తే పాత పుస్తకంతో వచ్చాడనుకోండి.

ఒక్క పిచర్‌కు మాత్రం మినహాయింపు ఉంది. చేతులమీద, మణికట్టుమీద బ్యాటర్ దృష్టి మరల్చే వస్తువేదైనా ఉంటే తీసేయమనే అధికారం అంపైర్‌కు ఉంది. మరల్చుతోందా లేదా అనేది తేల్చేదీ అతనే. గుడిలో కట్టిన ఎర్ర పసుపు దారం, తళతళలాడే కడియం విసిరే చేతికి ఉంటే అడిగే అవకాశం ఎక్కువ. విప్పకూడని దారమైతే ఆటకు ముందే కోచ్ ద్వారా చెప్పి, జట్టు రంగు పొడుగు చేతుల లోచొక్కా వేయిస్తే సరిపోతుంది. విసిరే చేతి వేళ్లకు, అరచేతికి మాత్రం టేప్, బ్యాండేజ్ ఏదీ పిచర్‌కు కుదరదు. బంతికి తగిలేచోట పరాయి వస్తువు ఉండకూడదు, చేయి జారకుండా వాడే రోజిన్ పొడి ఒక్కటే మినహాయింపు.

అపోహ: పిచర్ లోచొక్కా రంగు గురించి అడ్డుపడటం శుద్ధ దండగ.

వాస్తవం: బంతి తెల్లన. పిచర్ చేతి నుంచి వదిలే క్షణంలోనే బ్యాటర్ ఆ బంతిని కంటితో పట్టుకోవాలి. వెనకాల తెల్ల లేదా బూడిద రంగు చేయి ఊగుతుంటే బంతి దానిలో కలిసిపోతుంది. అందుకే పిచర్ బయటికి కనిపించే లోచొక్కా చేతులు ఆ రెండు రంగుల్లో ఉండకూడదు. గ్లవ్‌లో కూడా ఆ రంగులు ఉండకూడదు. చొక్కా చేయి చిరిగి వేలాడకూడదు, చీల్చి ఉండకూడదు.

ఇక్కడ జనం చేసే పొరపాటు, దీన్ని బాల్క్ (రన్నర్లకు ఒక బేస్ ఇప్పించే పిచర్ తప్పు) అనుకోవడం. కాదు. గ్లవ్ అయితే మార్చుకుంటాడు, చొక్కా అయితే తర్వాతి బంతి లోపు సరిచేసుకుంటాడు. అప్పటిదాకా విసిరినవన్నీ లెక్కలోనే ఉంటాయి. ఎదుటి కోచ్ నాలుగు ఇన్నింగ్స్ ఊరుకుని, పిచర్ ఊపందుకున్నాక లేవనెత్తడమూ మామూలే. అది చిల్లర ఎత్తుగడే, కానీ రూల్ అతని వైపే ఉంది. పిచర్ సంచిలో ముదురు రంగు చొక్కా ఒకటి ఎప్పుడూ ఉంచితే ఆ ఎత్తుగడకు తావుండదు.

అపోహ: క్యాచర్ కవచాల దగ్గర అంత పట్టుదల దేనికి? వార్మప్‌కేగా!

వాస్తవం: చూసీచూడనట్టు పోకూడని చోటు ఇదొక్కటే. ఛాతీ మీద, గుండె కొట్టుకునే లయలో సరిగ్గా ఒక చిన్న క్షణంలో బంతి తగిలితే, ఎముక విరగకపోయినా, పైకి గాయం లేకపోయినా గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. వైద్యంలో కమోషియో కార్డిస్ అంటారు. వయోజనుల కంటే పిల్లల్లోనే ఎక్కువ, ఎందుకంటే వాళ్ల ఛాతీ గోడ పలుచగా, మెత్తగా ఉంటుంది. ఈ కారణంగానే 2020 జనవరి 1 నుంచి క్యాచర్ చెస్ట్ ప్రొటెక్టర్‌పై నాక్సీ (క్రీడా రక్షణ సామగ్రికి ప్రమాణాలు పెట్టే సంస్థ) ప్రమాణం ముద్ర తప్పనిసరి. అన్న వాడిన పాత ప్రొటెక్టర్ ఎంత గట్టిగా ఉన్నా, ఆ ముద్ర లేకపోతే పక్కన పెట్టాల్సిందే.

మిగతావి: రెండు చెవులూ కప్పే హెల్మెట్-మాస్క్, గొంతుకు రక్షణ, కాళ్లకు షిన్ గార్డ్స్, మగపిల్లలకు కప్ (మర్మాంగాలకు రక్షణ). నెత్తిమీద మాత్రమే కూర్చునే స్కల్ క్యాప్ క్యాచర్‌కు చెల్లదు. కప్ సంగతి అంపైర్ చూసి తెలుసుకోలేడు, అడుగుతాడు. సిగ్గుపడి అబద్ధం చెప్పొద్దని పిల్లాడికి ఇంట్లోనే చెప్పి పంపండి.

ఎక్కువగా తప్పు జరిగేది ఇన్నింగ్స్ మధ్యలో. క్యాచర్ షిన్ గార్డ్స్ కట్టుకుంటుండగా, ఇంకో కుర్రాడు టోపీతోనే వచ్చి హోమ్ ప్లేట్ (బ్యాటర్ పక్కన నేలలో ఉండే పలక) వెనక కూర్చుని పిచర్ బంతులు పట్టేస్తుంటాడు. బుల్‌పెన్‌లోనూ (పిచర్లు వార్మప్ చేసుకునే చోట) అంతే. పిచర్‌ని వార్మప్ చేయించే వయోజనుడు కాని ఎవరికైనా హెల్మెట్, మాస్క్, గొంతు రక్షణ, కప్ ఉండాల్సిందే. అంపైర్ చెప్పాక కూడా వినకపోతే ఆట నుంచి పంపేస్తారు. డగౌట్‌లో అదనపు మాస్క్ ఒకటి ఉంచితే అందరికీ తేలిక. లేదంటే కోచే వెళ్లి పట్టాలి.

అపోహ: హెల్మెట్ తీసి ఎగరేసినా అవుటే.

వాస్తవం: అవుట్ కాదు. బంతి ఆటలో ఉండగా, మైదానంలో ఉన్న రన్నర్ కావాలని హెల్మెట్ తీస్తే ముందు జట్టుకు హెచ్చరిక, ఆ తర్వాత చేసినవాడు బయటికి. కంచె దాటిన హోమ్ రన్ కొట్టి హెల్మెట్ తీసేస్తూ వస్తే దానికి ఈ రూల్ వర్తించదు, బంతి అప్పటికే ఆట నుంచి పోయింది. పరిగెడుతుంటే జారిపడిన హెల్మెట్‌కు కూడా శిక్ష లేదు.

హెల్మెట్‌కు రెండు చెవి దొప్పలు, నాక్సీ ముద్ర, హెచ్చరిక లేబుల్ ఉండాలి. అద్దంలా మెరవకూడదు. చెంప కాపాడే సీ-ఫ్లాప్‌ను ఇంట్లో డ్రిల్లుతో రంధ్రం చేసి బిగిస్తే సర్టిఫికేషన్ పోతుంది. తయారీదారు ఒప్పుకున్న ముక్కే, వాళ్లు చెప్పినట్టే బిగించాలి. సొంతంగా రంగు వేయడం, స్టిక్కర్లు అంటించడం కూడా ముందు కంపెనీని అడగాల్సిన పనులే. కొన్ని రంగుల్లోని, జిగురుల్లోని రసాయనాలు ప్లాస్టిక్‌ను బలహీనం చేస్తాయి. హెల్మెట్‌కు తగిలించే కంటి అద్దం పూర్తిగా పారదర్శకంగా ఉండాలి, రంగు ఉండకూడదు.

అపోహ: మెటల్ స్పైక్స్ (బూట్ల అడుగున లోహపు మొనలు) నిషేధం.

వాస్తవం: లిటిల్ లీగ్ చిన్న విభాగాల్లో నిషేధం. హైస్కూల్ జాతీయ పుస్తకంలో కాదు.

అపోహ: చేతికి కట్టు ఉంటే ఆడనివ్వరు.

వాస్తవం: గట్టి కట్టు, బ్రేస్ ఉంటే పైన కనీసం అర అంగుళం మందం, నొక్కి వదిలితే మెల్లగా మామూలవుతూ ఉండే క్లోజ్డ్-సెల్ ఫోమ్ చుట్టాలి. కంపెనీ తయారుచేసినట్టే, మార్చకుండా ఉన్న మోకాలి, చీలమండ బ్రేస్‌లకు అదీ అక్కర్లేదు. అట్టముక్క, తువ్వాలు చుట్టి తెస్తే ఒప్పుకోరు.

అపోహ: చొక్కా టక్ చేయకపోయినా, లోగో పెద్దదైనా అంపైర్ ఆట ఆపాల్సిందే, రూల్ అంటే రూలే.

వాస్తవం: ఇక్కడ తప్పు మా అంపైర్లదే. లోగో 2 1/4 చదరపు అంగుళాలు దాటకూడదని, వెనక అంకె కనీసం 8 అంగుళాల ఎత్తు ఉండాలని పుస్తకంలో ఉన్నమాట నిజమే. వాటిని చూడాల్సింది స్కూళ్లు దుస్తులు ఆర్డర్ ఇచ్చే రోజున. ఆట మధ్యలో పదిహేనేళ్ల పిల్లాణ్ని అందరిముందు నిలబెట్టి చొక్కా దోపించడం వల్ల ఎవరికీ మేలు లేదు. ఇన్నింగ్స్ మారేటప్పుడు కోచ్ చెవిలో ఒక మాట వేస్తే రెండు నిమిషాల్లో సరవుతుంది. రక్షణ సామాను దగ్గర కఠినంగా ఉండటం, ముస్తాబు దగ్గర మెత్తగా ఉండటం రెండూ తెలిసినవాడే మంచి అంపైర్. తిరగేసి చేసేవాళ్లు లేకపోలేదు.

అపోహ: కోచ్‌ని కాకుండా అంపైర్‌నే అడగాలి, సామాను బాధ్యత అతనిదే.

వాస్తవం: ఆటకు ముందు ప్లేట్ దగ్గర జరిగే సమావేశంలో, తన ఆటగాళ్లందరికీ చట్టబద్ధమైన సామాను సరిగ్గా ఉందని హెడ్ కోచ్ ప్లేట్ అంపైర్‌కు మాట ఇస్తాడు. చెల్లని బ్యాట్‌కు కోచ్‌ని కూడా శిక్షించేది అందుకే. మీకు అనుమానం ఉంటే సీజన్ మొదటి వారంలోనే బ్యాట్, హెల్మెట్, చెస్ట్ ప్రొటెక్టర్ ముద్రలు ఫోన్‌లో ఫోటో తీసి కోచ్‌కు పంపండి. ఆట నడుస్తుంటే అంపైర్‌తో మాట్లాడాల్సింది కోచే, అదీ టైమ్ అడిగి. రూల్ తప్పుగా అమలు చేశారనిపిస్తే ప్రొటెస్ట్ పెట్టే వీలు ఉందా లేదా అనేది మీ రాష్ట్ర అసోసియేషన్ ఇష్టం. కొన్నిచోట్ల అసలు ఆ దారే ఉండదు. ఉన్నచోట కూడా బ్యాక్‌స్టాప్ కంచె వెనకనుంచి తండ్రి అరిచినది లెక్కలోకి రాదు.