పాయింట్ అదిరింది, సెకండాఫ్ ఎందుకు కూలింది? క్రైమ్ థ్రిల్లర్ కథలపై అపోహలు - వాస్తవాలు

ఒంగోలు కుర్రాళ్ళయినా, నెల్లూరు కుర్రాళ్ళయినా థ్రిల్లర్ స్క్రిప్టు పట్టుకొచ్చి మొదట అనే మాట ఒకటే: "అన్నా, పాయింట్ వింటే షాకవుతావు." వింటే నిజంగానే బాగుంటుంది. చిక్కంతా ఆ తర్వాతే.

అపోహ: పాయింట్ కొత్తదైతే కథ దానంతటదే నడుస్తుంది.

వాస్తవం: నడవదు. పాయింట్ మహా అయితే ఇరవై నిమిషాలు లాగుతుంది. రెండుంపావు గంటల సినిమాలో మిగతా గంటా యాభై అయిదు నిమిషాలు లాగాల్సింది సమాచారం. ఏ సీన్లో ఎవరికి ఏం తెలిసిందన్నదే థ్రిల్లర్‌కు ప్రాణం.

చీమకుర్తిలో గ్రానైట్ దిమ్మెలు ఎత్తుకున్న లారీ కృష్ణపట్నం పోర్టుకు చేరిందనుకోండి. దించబోతే రెండు దిమ్మెల సందులో శవం. డ్రైవర్‌కు ఏమీ తెలీదు. ఎవరికైనా నచ్చే లైన్ ఇది. దీన్ని మనవాళ్ళు చేసేదేంటంటే, ఎస్సై ముగ్గురిని అనుమానిస్తాడు, ముగ్గురూ కాదని తేలుతుంది, ఇంటర్వెల్‌కు రెండో శవం పడుతుంది, ఆపైన అరగంట ఫ్లాష్‌బ్యాక్‌లో విలనే అంతా చెప్పేస్తాడు. ఎస్సై స్వయంగా కనిపెట్టింది సున్నా. ప్రేక్షకుడు ఫోన్ బయటికి తీసేది సరిగ్గా అప్పుడే.

దీనికి మందు కాగితం మీదే ఉంది. మూడు నిలువు గళ్ళు గీయండి. మొదటి దాంట్లో నేరం జరిగిన వరస, గంటలతో సహా. రెండో దాంట్లో పోలీసులకు తెలిసిన వరస. మూడో దాంట్లో తెర మీద చూపించే వరస. మన లారీ టంగుటూరు టోల్‌ప్లాజా దాటింది రాత్రి 1:10కి, కావలి దగ్గర ముసునూరు టోల్‌ప్లాజా దాటింది 4:40కి. రెండు గంటలైనా పట్టని దారికి మూడున్నర గంటలు పట్టింది. మధ్యలో ఉలవపాడు తోటల దగ్గర బండి ఎందుకు ఆగినట్టు? ఇప్పుడు కథలో వెతకడానికి ఒక చోటు దొరికింది. ఫ్లాష్‌బ్యాక్‌ను నాలుగు ముక్కలు చేయండి. ఒక్కో ఆధారం దొరికాకే ఒక్కో ముక్క, అదీ మూడు నిమిషాలు దాటకుండా.

ఆ టోల్ టైమ్ మొదటి నలభై నిమిషాల్లోనే ఒకసారి కనిపించాలి, అయితే వేరే పని మీద. ఫాస్టాగ్‌లో డబ్బు అయిపోయిందని ఓనరు డ్రైవర్‌ను తిడుతూ ఫోన్‌లో మెసేజీలు చూపిస్తాడు. చూసేవాళ్ళ కన్ను డబ్బు మీద పడుతుంది, పక్కనున్న టైమ్ మీద పడదు.

ఇక వన్ లైన్ ఆర్డర్‌లో, అంటే సీనుకో వాక్యం చొప్పున వరసగా రాసుకున్న జాబితాలో, ప్రతి రెండు సీన్ల మధ్య "అందుకని" అని చేర్చి చదవండి. "ఆ తర్వాత" అంటే తప్ప అతకని సీన్లు వరసగా మూడు తగిలితే ల్యాగ్ అక్కడుంది. ఆ మూడూ తిరగరాయాల్సిందే.

అపోహ: క్లైమాక్స్‌లో నేరస్థుడు పోలీసుల ముందు ఒప్పుకుంటే కేసు అయిపోయినట్టే.

వాస్తవం: సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 23 ప్రకారం పోలీసు అధికారి దగ్గర ఒప్పుకున్న మాట నిందితుడి మీద రుజువుగా పనికిరాదు. కస్టడీలో అతను చెప్పినదాన్నిబట్టి ఏదైనా దొరికితే, దానికి సంబంధించినంత మాటే చెల్లుతుంది. రచయితకు ఇంతకన్నా ఏం కావాలి? ఎనిమిది నిమిషాల డైలాగు తీసేసి, అతను చెప్పిన తోట బావిలోంచి, హత్యకు వాడిన గడ్డపార పైకి లాగే సీన్ పెట్టండి. ఇంకోటి, హత్య 2024 జులై 1కి ముందు జరిగితే పాత చట్టం ఐపీసీ 302, ఆ రోజు నుంచి అయితే దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 103. రెండూ కలిపేయకండి.

అపోహ: పోస్టుమార్టం డాక్టర్ చావు టైమ్ నిమిషంతో సహా చెబుతాడు.

వాస్తవం: ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల లోపు అంటారంతే. మన మే నెల ఎండలకు శవం బిగుసుకోవడమూ సడలడమూ తొందరగానే జరుగుతాయి.

అపోహ: మన యాస పెడితే థ్రిల్లర్ పండదు, కథ హైదరాబాద్‌లోనే జరగాలి.

వాస్తవం: 2019లో వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'లో డిటెక్టివ్‌ది నెల్లూరే. ఈ పుకారు ఇంకా ఎందుకు మోస్తున్నారో అర్థం కాదు.

అపోహ: మిగతాది ఎడిటింగ్‌లో చూసుకుందాం.

వాస్తవం: తీయని సీన్‌ను ఎడిటర్ ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి సినిమా తీస్తున్నప్పుడు భయం వేయడం సహజం, దానికి సిగ్గుపడొద్దు తమ్ముళ్ళూ. షూటింగ్‌కు పది రోజుల ముందు, కథ తెలియని ఇద్దరిని కూర్చోబెట్టి ఇంటర్వెల్ దాకా చదవండి. "ఎవరు చేసుంటారు, ఎందుకలా అనుకుంటున్నారు?" అని అడగండి. ఇద్దరూ సరిగ్గా చెప్పేస్తే ఆధారం మరీ బయటికి కనబడుతోంది, ఆ సీన్‌కు ఇంకో పని అప్పజెప్పండి. ఇద్దరూ ఒక్క పేరూ చెప్పలేకపోతే ఆధారం వాళ్ళకు అసలు చేరలేదు. ఓనరు ఫోన్ మీద ఇంకో క్లోజప్ రాసుకుని, అప్పుడు షెడ్యూల్ వేయండి.