ఉమ్మడి రూకీ కార్డులు: అపోహలు, వాస్తవాలు

ఒక ఆటగాడు అగ్రశ్రేణి లీగులో అడుగుపెట్టిన తొలి రోజుల్లో, దేశమంతటా అమ్ముడయ్యే సెట్టులో అతని బొమ్మతో మొదటిసారి వెలువడిన కార్డును రూకీ కార్డు అంటారు. మన దగ్గర బబుల్‌గమ్ పొట్లాల్లో వచ్చిన క్రికెటర్ల బొమ్మలు పిల్లల జేబుల్లోనే నలిగిపోయాయి గానీ, అమెరికాలో బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ కార్డుల చుట్టూ పెద్ద మార్కెట్టే తయారైంది. పాత కార్డులు కొనడం, అమ్మడం, వాటి స్థితిని అంచనా వేయడం నా వృత్తి. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లలో పిల్లల కోసం నాలుగు ప్యాకెట్లు కొనడంతో మొదలుపెట్టి, చివరికి పిల్లల కంటే ఎక్కువగా తామే అందులో కూరుకుపోయినవాళ్లు కొందరున్నారు. వాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకే కార్డు మీద ఇద్దరు, ముగ్గురు, నలుగురు ఆటగాళ్లున్న ఉమ్మడి రూకీ కార్డుల గురించే: వాటిలో ఏది గొప్పది? ఈ చర్చలో ప్రతి ఒక్కరూ కార్డు మీద ఎందరు మహామహులున్నారో లెక్కపెట్టడంతోనే మొదలుపెడతారు. నా దృష్టిలో ముందుగా తేల్చుకోవలసింది అది కాదు. ఆ ఆటగాడికి ఆ ఏడాది మరో కార్డు ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

అపోహ: ఉమ్మడి కార్డు రెండో రకం సరుకు, ఒక్కడే ఉన్నదే అసలైన రూకీ కార్డు.

వాస్తవం: 1980 దాకా బేస్‌బాల్ కార్డుల వ్యాపారం దాదాపుగా టాప్స్ కంపెనీ గుత్తాధిపత్యంలోనే ఉంది. 1981లో ఫ్లీర్, డాన్‌రస్ అనే పోటీ కంపెనీలు రంగంలోకి వచ్చేదాకా, ఒక కొత్త ఆటగాడిని టాప్స్ మరొకరి పక్కన కూర్చోబెడితే సేకరించేవాడికి వేరే దారి లేదు. 1963లో పీట్ రోజ్, 1967లో టామ్ సీవర్, రాడ్ కరూ, 1968లో నోలన్ రయన్, జానీ బెంచ్, 1973లో మైక్ ష్మిట్ అందరూ అలా పంచుకున్న కార్డుల మీదే పరిచయమయ్యారు. ఇవి వాళ్లకు రెండో రకం కార్డులు కావు, ఉన్న ఒకే ఒక్క రకం.

వేరే దారి ఉన్న చోట మాత్రం ఈ అపోహలో సగం నిజముంది. 1982 టాప్స్ సెట్టులో 21వ నంబరు కార్డు మీద బాల్టిమోర్ ఓరియోల్స్ భావి తారలుగా బాబ్ బోనర్, జెఫ్ ష్నైడర్‌లతో పాటు కాల్ రిప్కెన్ జూనియర్ కనిపిస్తాడు. అదే ఏడాది ఫ్లీర్, డాన్‌రస్ రిప్కెన్ ఒక్కడికే కార్డులు వేశాయి. ఆ పైన టాప్స్ తానే సీజన్ చివర్లో, జట్టు మారినవాళ్ల కోసం, కొత్తవాళ్ల కోసం వేసే ‘ట్రేడెడ్’ అనే అదనపు సెట్టులో అతనికి విడిగా కార్డు ఇచ్చింది, ధరలో ఇప్పుడు అదే ముందుంది. ఆ ట్రేడెడ్ సెట్టు దుకాణాల్లో ప్యాకెట్లుగా కాక డీలర్ల ద్వారా పెట్టెగా అమ్ముడైంది కాబట్టి దాన్ని రూకీ కార్డుగా ఒప్పుకోని పాతకాలపు నిష్ఠాపరులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల వాదన నియమం ప్రకారం సరైనదే అయినా మార్కెట్టు దాన్ని ఏనాడో పక్కనపెట్టింది.

అపోహ: కార్డు మీద ఎంతమంది దిగ్గజాలుంటే అంత ధర.

వాస్తవం: దీనికి నేను ఎప్పుడూ చూపించే కార్డు 1978 టాప్స్ 707. దాని మీద నలుగురు కొత్త షార్ట్‌స్టాపులు (రెండో, మూడో బేసుల మధ్య ఫీల్డింగ్ చేసేవాళ్లు) ఉన్నారు: మిక్కీ క్లట్స్, పాల్ మోలిటర్, అలన్ ట్రామెల్, యు.ఎల్. వాషింగ్టన్. వీరిలో మోలిటర్ 3,319 హిట్లు కొట్టి 2004లో ఆటలోని మహామహులకు చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. కెరీర్ అంతా డెట్రాయిట్‌కే ఆడిన ట్రామెల్‌కు ఆ గౌరవం దక్కడానికి 2018 దాకా పట్టింది. ట్రామెల్ 1984లో, మోలిటర్ 1993లో సీజన్ చివరి టైటిల్ పోరైన వరల్డ్ సిరీస్‌లో అత్యంత విలువైన ఆటగాళ్లుగా నిలిచారు. ఇక వాషింగ్టన్ నోట్లో పుల్ల పెట్టుకుని ఆడటం వల్ల తన కాలపు ప్రేక్షకులకు బాగా గుర్తుండిపోయాడు. ఇంత చరిత్ర ఒక్క అట్టముక్కలో ఇమిడి ఉన్నా, సాధారణ స్థితిలో ఉన్న కార్డు ఇప్పటికీ కొన్ని పదుల డాలర్లకే దొరుకుతుంది. అప్పటికి టాప్స్ కార్డులను విపరీతంగా అచ్చువేసేది, వాటిని దాచుకునే అలవాటు కూడా జనంలో బాగా పాకింది.

దీని పక్కన 1968 టాప్స్ 177 పెట్టి చూడండి. దాని మీద ఉన్నది న్యూయార్క్ మెట్స్ జట్టు రూకీలు, ఇద్దరూ పిచర్లు (బంతి విసిరేవాళ్లు): జెర్రీ కూస్మన్, నోలన్ రయన్. హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నది రయన్ ఒక్కడే. అయినా మూలలు గుండ్రబడి, మడత పడిన కార్డుకు కూడా వందల డాలర్లు పెట్టవలసిందే. బ్యాటర్లను తానే అవుట్ చేసిన 5,714 స్ట్రైకౌట్లు, ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచులు, అంటే నో-హిట్టర్లు, ఏడు, 1966లో మొదలై 1993లో ముగిసిన సుదీర్ఘ ప్రయాణం, వాటి చుట్టూ అల్లుకున్న సొంత రాష్ట్రం టెక్సాస్ అభిమానం ఆ ధరను మోస్తున్నాయి. ఒక అసాధారణ వ్యక్తి ఇద్దరు గొప్పవాళ్ల కంటే ఎక్కువ పలుకుతాడన్నది ఈ వ్యాపారంలో నిత్యం కనిపించే సంగతి. పీట్ రోజ్ విషయంలోనైతే హాల్ ఆఫ్ ఫేమ్ కూడా అవసరం కాలేదు. పందేలు కాసినందుకు 1989లో ఆట నుంచి వెలివేసినా అతని 1963 నాటి 537వ నంబరు కార్డు ఖరీదైనదిగానే నిలిచింది.

అపోహ: ఖరీదైనది కాబట్టి అరుదైనదై ఉండాలి.

వాస్తవం: 1973 దాకా టాప్స్ ఒక ఏడాది సెట్టును ఒకేసారి కాకుండా విడతలు విడతలుగా విడుదల చేసేది. చివరి విడత వచ్చేసరికి పిల్లల మనసు అమెరికన్ ఫుట్‌బాల్ మీదికి మళ్లేది, దుకాణదారులు ఆర్డర్లు తగ్గించేవారు. అందువల్ల పెద్ద నంబర్ల కార్డులు నిజంగానే తక్కువ. 1963 సెట్టు 576 కార్డులది, రోజ్ కార్డు నంబరు 537. 1967 సెట్టు 609 కార్డులది, కరూ నంబరు 569, సీవర్ నంబరు 581. ఇవి కొరత వల్ల కూడా ధర పలికే కార్డులు. రయన్ కార్డు అలాంటిది కాదు. 177 అంటే మొదట్లోనే వచ్చిన విడత. ఆ కార్డు కావాలంటే ఈ రోజైనా దొరుకుతుంది. దొరకనిది మంచి స్థితిలో ఉన్న కార్డు. గోనెపట్టా నేతను తలపించే ఆ అంచుల మధ్య బొమ్మ నాలుగు వైపులా సమానంగా కుదిరిన కార్డు చేతికి రావాలంటే ఓపిక పట్టాలి.

అపోహ: పక్కనున్నవాళ్లు ఊరూపేరూ లేనివాళ్లు, కార్డుకు వాళ్లు బరువే.

వాస్తవం: ఈ మాట వింటే నాకు కొంచెం కోపం వస్తుంది. రయన్ కార్డు మీద ఎడమవైపు ఉన్నది కూస్మన్. కార్డు వెలువడిన ఏడాది అతను 19 మ్యాచులు గెలిచాడు, నేషనల్ లీగ్ ఉత్తమ రూకీ గౌరవాన్ని బెంచ్‌కు స్వల్ప తేడాతో వదులుకున్నాడు. ఆనాడు ఆ కార్డును పిల్లలు దాచుకున్నది ఎక్కువగా కూస్మన్ కోసమే అయి ఉంటుందని నా ఊహ. 1969 వరల్డ్ సిరీస్ చివరి మ్యాచును మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా తానొక్కడే వేసి మెట్స్‌ను గెలిపించింది అతనే. సరిగ్గా అదే మ్యాచులో, ఏడో ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టి స్కోరు సమం చేసిన ఆల్ వైస్ ఎవరనుకున్నారు? 1963లో పీట్ రోజ్ కార్డు మీద పక్కన కూర్చున్న ముగ్గురిలో ఒకడు.

ఇక సీవర్ కార్డు మీద ఉన్న బిల్ డెనహీ కథ మరీ విచిత్రమైనది. పిచర్‌గా అతను నిలదొక్కుకోలేదు. కానీ 1967 చివర్లో మెట్స్ అతన్నీ, అతనితో పాటు లక్ష డాలర్లనూ వాషింగ్టన్ సెనేటర్స్‌కు ఇచ్చి, బదులుగా మేనేజర్ గిల్ హాడ్జెస్‌ను తెచ్చుకుంది. ఆ హాడ్జెస్ నాయకత్వంలోనే 1969లో ఆ జట్టు విజేత అయింది. రోజ్, సీవర్, రయన్‌ల కార్డులను వరుసగా పేర్చి పక్కవాళ్లను మాత్రమే చూస్తే, ఒక జట్టు విజయగాథ అందులో కనిపిస్తుంది. ఒంటరి కార్డు ఎంత అందంగా ఉన్నా ఈ పని చేయలేదు.

అపోహ: బర్డ్, ఎర్వింగ్, మ్యాజిక్ కార్డు ముగ్గురి రూకీ కార్డు; చింపితే మూడు రూకీ కార్డులవుతాయి.

వాస్తవం: ఉమ్మడి కార్డులన్నిటిలో ఏది గొప్పదని నన్ను నిలదీస్తే నేను చూపించేది 1980-81 టాప్స్ బాస్కెట్‌బాల్ సెట్టులోని ఈ కార్డునే. అందుకే దీని గురించిన అపోహలను కాస్త విడమరచి చెప్పాలి. ఎడమవైపు లారీ బర్డ్, కుడివైపు మ్యాజిక్ జాన్సన్. వీళ్లిద్దరికీ ఇది రూకీ కార్డు. మధ్యలో ఉన్న జూలియస్ ఎర్వింగ్ అప్పటికే పేరుమోసిన ఆటగాడు, అతని రూకీ కార్డు 1972-73 సెట్టులోనే వచ్చింది. ఇక్కడ అతను ఫిలడెల్ఫియా జట్టులో అగ్రగామిగా మాత్రమే కనిపిస్తాడు.

ఆ ఏడాది టాప్స్ ఒక్కో కార్డును మూడు ముక్కలుగా విభజించి, స్టాంపుల షీటులో మాదిరిగా మధ్యలో చిల్లుల గీతలు వేసింది. ఒక్కో ముక్కకు విడి నంబరు ఉంటుంది: బర్డ్‌ది 34, ఎర్వింగ్‌ది 174, మ్యాజిక్‌ది 139. మొత్తం 264 ముక్కలు, మూడేసి చొప్పున 88 కార్డులు. ఈ 264 ముక్కలనే అమరిక మార్చి మరో 88 కార్డులుగా రెండోసారి అచ్చువేశారు కాబట్టి పూర్తి సెట్టు 176 కార్డులు. దాని ఫలితమేమిటంటే, ప్రతి ముక్క రెండేసి కార్డుల మీద కనిపిస్తుంది. బర్డ్ 34 వేరే ఇద్దరి పక్కన ఉన్న కార్డు ఒకటుంది, మ్యాజిక్ 139 విషయమూ అంతే. అవి కూడా నికార్సయిన రూకీ ముక్కలే, ధర మాత్రం ఈ కార్డు దరిదాపులకు కూడా రాదు. అమ్మేవాడు పేరు ఒకటి చెప్పి ఆ రెండో కార్డును అంటగట్టే అవకాశముంది కనుక మూడు ముఖాలనూ చూసుకోవడం కొనేవాడి బాధ్యత.

చింపడం సంగతికొస్తే, చిల్లులు వేసిందే చింపుకోమని, పిల్లలు నిస్సంకోచంగా ఆ పనే చేశారు. ఇప్పుడు ఆ విడి ముక్కకు జ్ఞాపకంగా తప్ప పెద్ద విలువ లేదు. కార్డు అఖండంగా ఉన్నా కూడా చిల్లుల గీత దగ్గర ఒకసారి వంచి వదిలేసిన గుర్తు ఉంటే దాని స్థితికి ఇచ్చే గ్రేడు పడిపోతుంది. బొమ్మల మీద అచ్చులో పడిన చిన్న నల్ల చుక్కలు ఈ సెట్టుకు పుట్టుకతో వచ్చిన లోపం.

ఇదే ఎందుకు గొప్పది? 1979 మార్చిలో కాలేజీ ఫైనల్లో మ్యాజిక్ జట్టు బర్డ్ జట్టును ఓడించింది. తరువాతి సీజన్లో ఇద్దరూ ఎన్‌బీఏలో అడుగుపెట్టగా, ఉత్తమ రూకీ గౌరవం బర్డ్‌కు దక్కింది, టైటిల్ మ్యాజిక్‌కు దక్కింది. ఆ టైటిల్ కోసం మ్యాజిక్ జట్టు లేకర్స్ ఫైనల్లో ఓడించింది ఎర్వింగ్ ఆడిన ఫిలడెల్ఫియానే. లేకర్స్ ప్రధాన ఆటగాడు అబ్దుల్-జబ్బార్ గాయంతో దూరమైన ఆరో మ్యాచులో మ్యాజిక్ 42 పాయింట్లు చేశాడు. ఆ సీజన్ ముగిశాక వచ్చిన సెట్టులో ఈ ముగ్గురూ ఒకే కార్డు మీదికి చేరారు. అప్పట్లో బాస్కెట్‌బాల్ కార్డులకు గిరాకీ అంతంతమాత్రమే. మరుసటి సెట్టు తరువాత టాప్స్ ఆ ఆటనే చాలా ఏళ్లు వదిలేసింది. మోలిటర్, ట్రామెల్ ఒకే కార్డు మీద కలిసింది ఇద్దరూ షార్ట్‌స్టాపులు కావడం వల్ల. ఇక్కడున్న ముగ్గురూ ఒకరి దారికి ఒకరు అడ్డుపడినవాళ్లు.

అపోహ: ఇటీవలి రెండు, మూడు ముఖాల కార్డులు కూడా ఈ కోవలోనివే.

వాస్తవం: 2003 డ్రాఫ్టులో, అంటే ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, వచ్చిన లెబ్రాన్ జేమ్స్, కార్మెలో ఆంథొనీ, డ్వేన్ వేడ్‌లను కలిపి, జెర్సీ ముక్కలూ సంతకాలూ అతికించి వేసిన కార్డులు ఎన్నో ఉన్నాయి. అవి ప్రధాన సెట్టుకు అదనంగా చొప్పించిన ఇన్సర్టులు. ఆ ముగ్గురికీ విడివిడిగా రూకీ కార్డులు కావలసినన్ని ఉన్నాయి. బేస్‌బాల్‌లో 2006 నుంచి అధికారిక రూకీ కార్డు మీద ప్రత్యేక గుర్తు వేస్తున్నారు, అది ఉందో లేదో చూస్తే సరిపోతుంది.

అపోహ: పాతబడి కనిపిస్తే చాలు, కార్డు అసలైనదే.

వాస్తవం: రోజ్, రయన్, బర్డ్-మ్యాజిక్ కార్డులు మూడింటికీ నకిలీలు దండిగా ఉన్నాయి. కాగితాన్ని టీ నీళ్లలో ముంచి పాతదిగా చేయడం పెద్ద విద్యేమీ కాదు. నేను ముందు చూసేది అక్షరాలను. మంచి భూతద్దం కింద పెడితే, అసలు కార్డు మీద ఆటగాడి పేరులోని నల్లటి అక్షరాలు అంచులు తేరి, సిరా నిండుగా పరుచుకుని ఉంటాయి. బొమ్మ మాత్రమే రంగు చుక్కల కలయికగా కనిపిస్తుంది. అసలు కార్డును స్కాన్ చేసి అచ్చువేసిన నకిలీలో అక్షరాలు కూడా చుక్కలుగా విడిపోతాయి. రయన్ కార్డులోనైతే అంచుల్లోని గోనె నేత మసకబారి ముద్దగా మారుతుంది. బర్డ్-మ్యాజిక్ కార్డును వెలుతురుకు ఎదురుగా కొంచెం ఏటవాలుగా పట్టుకుని చూడాలి: చిల్లులు నిజంగా గుచ్చినవైతే గుంటలు తెలుస్తాయి, అచ్చువేసిన గీతైతే ఉపరితలం నున్నగా ఉంటుంది. కార్డుకు గ్రేడు ఇచ్చే కంపెనీ సీలు వేసిన ప్లాస్టిక్ పెట్టెలో భద్రంగా ఉంది కదా అని ఈ పరీక్ష మానకూడదు. ఆ పెట్టెలకూ నకిలీలున్నాయి కాబట్టి, దాని మీది సర్టిఫికెట్ నంబరును కంపెనీ వెబ్‌సైటులో సరిచూసి, అక్కడ ఫొటో ఉంటే మూలల దగ్గరి చిన్న లోపాలతో సహా చేతిలోని కార్డుతో పోల్చుకున్నాకే డబ్బు చెల్లించాలి.