కొత్త ప్రెసిడెంట్ వచ్చాక మనం బాగుపడ్డామా? ట్యాక్స్ సీజన్‌లో రోజూ వినే అపోహలు

ఈ ఫిబ్రవరిలో ఒక జంట వచ్చారు. ఎడిసన్‌లో ఇరవై ఏళ్లుగా ఉంటున్నారు. ఇద్దరూ సిటిజన్లే, ఇద్దరూ ఓటేశారు, కాకపోతే చెరో పార్టీకి. డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, పట్టుకున్న పన్ను చూపే కాగితాలు) బల్ల మీద పెడుతూనే ఆయన "కిందటేడు నయమండీ, కాస్త తెరిపిన పడ్డాం" అన్నారు. ఆవిడ ఊరుకోలేదు. "ఎక్కడి తెరిపి? వారం సరుకులకి రెండొందలు చాలడం లేదు." ఇద్దరిదీ ఒకే జాయింట్ రిటర్ను, ఒకే ఇల్లు, ఒకే మార్ట్‌గేజి.

న్యూజెర్సీలో పన్నుల పని మొదలుపెట్టి పదిహేడేళ్లయింది. ఎన్నికలు జరిగిన ప్రతిసారీ ఈ సంభాషణ నా బల్ల ముందు జరుగుతుంది. 1980 అక్టోబరు 28న అప్పటి ప్రెసిడెంట్ కార్టర్‌తో డిబేట్‌లో రీగన్ అడిగాడు కదా, నాలుగేళ్ల కిందటి కన్నా ఇప్పుడు మీరు బాగున్నారా అని. ఓటు ఎవరికి వేయాలో తేల్చుకోవడానికి ఎవరైనా వేసుకోదగ్గ ప్రశ్నే అది. నా బాధల్లా దాన్ని పట్టుకుని రిటైర్మెంట్ డబ్బు జోలికి పోయేవాళ్ల గురించి.

అపోహ: మనకు నచ్చనివాడు గెలిచాడు, ఇక మార్కెట్ మునుగుతుంది, 401కె (ఉద్యోగం ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా) లోంచి డబ్బు తీసేసుకోవాలి.

నా దగ్గరికి వచ్చేవాళ్లకి అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది ఈ ఒక్క మాటే. మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు దశాబ్దాలుగా నెలనెలా జనాన్ని అడుగుతారు, ఏడాది కిందటితో పోలిస్తే మీ ఇంటి డబ్బు పరిస్థితి మెరుగైందా, దిగజారిందా అని. 2020 ఎన్నికల తర్వాత డెమోక్రాట్ల ధీమా లేచింది, రిపబ్లికన్లది పడింది. 2024 నవంబరు తర్వాత సరిగ్గా తిరగబడింది. ప్రమాణ స్వీకారం జనవరి 20న. అంటే కొత్తాయన ఇంకా వైట్‌హౌస్‌లో అడుగే పెట్టలేదు. జీతం అదే, అద్దె అదే. మారింది మనసు ఒక్కటే. ఆ మనసు మాట విని డబ్బు కదిలిస్తే ఏమవుతుందో చూడండి. ఒబామా వచ్చిన 2009లో భయపడి మార్చి మొదట్లో అమ్మేసినవాళ్లు దాదాపు అడుగున అమ్మారు. పెద్ద కంపెనీల షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500 ఆ ఏడాది మొత్తమ్మీద 23 శాతం పైకే వెళ్లింది. ట్రంప్ మొదటిసారి వచ్చాక 2017లో 19 శాతం పెరిగింది. రెండుసార్లూ భయపడినవాళ్లున్నారు, పార్టీలే వేరు.

2025 ఏప్రిల్ 2న ట్రంప్ సుంకాల ప్రకటన వచ్చింది. నాలుగు రోజుల్లో మార్కెట్ సుమారు 12 శాతం పడింది. ఆ వారం నా ఫోను ఆగలేదు. ఏప్రిల్ 9న సుంకాలు చాలావరకు 90 రోజులు ఆపుతున్నామనగానే ఒక్కరోజులో 9.5 శాతం లేచింది. జూన్ ఆఖరుకల్లా కొత్త రికార్డు.

నాకు ఫోన్ చేయనివాళ్ల సంగతి ఈ ఫిబ్రవరిలో తెలిసింది. నలభై రెండేళ్లాయన ఒక పసుపుపచ్చ ఫోల్డర్ తెచ్చారు. అందులో 1099-ఆర్ (రిటైర్మెంట్ ఖాతా లోంచి తీసిన డబ్బు చూపే కాగితం), ఏడో గడిలో 1 అంకె. ఆ అంకె చూడగానే నాకు గుండె జారిపోయింది. 59న్నర ఏళ్లు నిండకుండా, ఏ మినహాయింపూ లేకుండా తీసిన డబ్బు అని దానర్థం. పాత కంపెనీ 401కె లోంచి 80,000 డాలర్లు ఏప్రిల్‌లో తీసేశారు. 16,000 అక్కడే పట్టుకున్నారు, చేతికి 64,000 వచ్చింది. పన్ను కట్టేశాను కదా అనుకున్నారు ఆయన. వాళ్ల బ్రాకెట్ 24 శాతం, అంటే 19,200. దానికి తోడు తీసిన మొత్తం మీద పెనాల్టీ పది శాతం, 8,000. ఫెడరల్‌కే ఇంకా 11,200 కట్టాలి, న్యూజెర్సీ పన్ను వేరే. మార్కెట్ పడింది 12 శాతం, అది తిరిగొచ్చింది. ఈయనకు పోయింది మూడో వంతు పైన, అది తిరిగి రాదు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తెలివితక్కువ మనిషి కాదండీ. లేఆఫ్ అయ్యాడు, ఇద్దరు పిల్లలు, వాట్సాప్ గ్రూపులో రాత్రంతా "1929 మార్కెట్ క్రాష్ మళ్లీ వస్తోంది" అని మెసేజీలు. భయం వేసినప్పుడు ఎవరికైనా చేతిలో ఉన్న డబ్బే నిజమనిపిస్తుంది.

అదే నెలలో ఇంకో అమ్మాయి 30,000 తీసింది. మూడు వారాల తర్వాత అనుమానం వచ్చి, "అక్కా, నేను తప్పు చేశానా?" అని ఫోన్ చేసింది. వెనక్కి వేయడానికి గడువు 60 రోజులు, అప్పటికి అది దాటలేదు కాబట్టి ఐఆర్‌ఏలో (సొంతంగా తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతాలో) వెనక్కి వేయించాం. చేతికొచ్చింది 24,000 అయినా వేయాల్సింది మొత్తం 30,000. ఆ ఆరు వేలు సేవింగ్స్ నుంచి సర్దింది. పట్టుకున్న ఆరు వేలు ఈ ఏడాది రీఫండ్‌లో వచ్చేశాయి. పైసా నష్టం లేదు.

అపోహ: రీఫండ్ తగ్గిందంటే ఈ ప్రెసిడెంట్ పన్ను పెంచినట్టే.

రీఫండ్ అనేది మీరు ఎక్కువ కట్టిన మీ డబ్బే. 2017 డిసెంబరులో ట్రంప్ పన్నుల చట్టం మీద సంతకం పెట్టాడు. 2018 ఫిబ్రవరి నుంచి విత్‌హోల్డింగ్, అంటే జీతంలోంచి ముందే పట్టుకునే పన్ను, తగ్గింది, పేచెక్‌లో కాస్త పెరిగింది, ఎవరూ గమనించలేదు. 2019లో రీఫండ్ తగ్గేసరికి గొడవ. మన రాష్ట్రంలో ప్రాపర్టీ ట్యాక్స్ ఎక్కువ. రాష్ట్ర, లోకల్ పన్నుల మినహాయింపు 10,000 దగ్గర ఆపేయడంతో కొందరికి నిజంగానే పెరిగింది, కాదనను. చాలామందికి మాత్రం తగ్గింది. బైడెన్‌కీ ఇదే అనుభవం. 2021 జులై నుంచి డిసెంబరు దాకా చైల్డ్ క్రెడిట్‌లో సగం నెలనెలా ముందే ఇచ్చారు, ఆరేళ్లలోపు పిల్లకి 300 డాలర్ల దాకా. మరుసటి వసంతంలో రీఫండ్‌లో ఆ సగం లేదు. ఆయన్నీ తిట్టారు. ఇలాంటప్పుడు మీ రిటర్ను ఫారం 1040లో 24వ లైను చూడండి, మీ మొత్తం పన్ను అక్కడ ఉంటుంది. రెండేళ్ల కాగితాలు పక్కపక్కన పెట్టి ఆ ఒక్క లైను పోల్చుకోండి.

అపోహ: ద్రవ్యోల్బణం తగ్గిందంటున్నారు, ధరలేవీ తగ్గలేదు, కాబట్టి లెక్కలు అబద్ధం.

లెక్క నిజమే, మీ బాధా నిజమే. 2022 జూన్‌లో 9.1 శాతం ఉన్నది 2025 జనవరికి 3కి దిగింది. దిగింది పెరిగే వేగం. 2021 జనవరి నుంచి ఆ నాలుగేళ్లలో మొత్తం ధరలు ఇరవై శాతం పైన పెరిగాయి, అవి అక్కడే కూర్చున్నాయి. ఎవరు గెలిచినా వెనక్కి 2020 ధరలకు పోవు. జీతం దాన్ని అందుకుందా లేదా అన్నదే లెక్క. ఇక ఆ జంట విషయంలో పార్టీ ఒక్కటే కారణం కాదని నాకు తర్వాత అర్థమైంది. సరుకులు తెచ్చేది ఆవిడ, 401కె స్టేట్‌మెంట్ తెరిచి చూసేది ఆయన.

మిగతావి తొందరగా చెప్తాను. గుడ్ల ధర: 2025 మార్చిలో డజను 6.23 డాలర్లకు చేరింది, కారణం బర్డ్ ఫ్లూ. కోళ్లు కోలుకున్నాక దిగింది. పెట్రోలు: 2020 ఏప్రిల్‌లో గ్యాలన్ రెండు డాలర్ల లోపుకి రావడానికి కారణం కోవిడ్‌తో రోడ్లు ఖాళీ అవడం, 2022 జూన్‌లో అయిదు దాటడానికి పెద్ద కారణం ఉక్రెయిన్ యుద్ధం. ఇండియాకి డబ్బు పంపితే పన్ను: ముందు 5 శాతం అన్నారు, తర్వాత 3.5 అన్నారు. చివరికి చట్టంలో నిలిచింది 1 శాతం, 2026 జనవరి 1 నుంచి, అదీ నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్ చెక్కులతో పంపితేనే. అమ్మానాన్నలకి బ్యాంకు ఖాతా నుంచి పంపుకునేవాళ్లకి ఇది వర్తించదు. దయచేసి ఆ పాత మెసేజిని ఇంకా ఫార్వర్డ్ చేయకండి.

ఇది చదువుతున్నవాళ్లలో ఎవరైనా ఈమధ్యే 401కె లోంచి డబ్బు తీసి ఉంటే, డబ్బు చేతికొచ్చిన తేదీ చూడండి. అక్కడి నుంచి 60 రోజులు లెక్కపెట్టుకోండి. ఇంకా గడువుంటే ట్యాక్స్ సీజన్ దాకా ఆగొద్దు, మీ రిటర్ను చేసేవాళ్లకి రేపు ఉదయమే ఫోన్ చేయండి.