ఆసుపత్రి బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలు: ఫ్రూటిగర్ గురించి అపోహలు - వాస్తవాలు

విజయవాడ సూర్యారావుపేటలో ఆసుపత్రులకి, గుంటూరు కొత్తపేటలో ల్యాబులకి బోర్డులు డిజైన్ చేస్తుంటాను. "ఇంగ్లీషుకి ఏదో సాదా అక్షరం పెట్టెయ్యండి, అన్నీ ఒకటేగా" అనే మాట వినని వారం ఉండదు. అన్నీ ఒకటి కావు. ఫ్రూటిగర్ అనే టైప్‌ఫేస్ (అక్షరాల డిజైన్) కథ చూస్తే ఆ సంగతి బాగా తెలుస్తుంది.

అపోహ: సెరిఫ్ (కొసల్లో చిన్న గీతలుండే) అక్షరాల కొసలు కోసేస్తే శాన్స్ సెరిఫ్ (ఆ గీతలు లేని అక్షరం) తయారవుతుంది.

వాస్తవం: శాన్స్‌లోనే వేర్వేరు వంశాలున్నాయి. హెల్వెటికా, ఏరియల్ అనే టైప్‌ఫేస్‌లది ఒక వంశం. ఫ్రూటిగర్‌ది హ్యూమనిస్ట్ వంశం, కలంతో రాసే చేతికి దగ్గరిది. ఈ వంశంలో ముందు వచ్చినవే చూడండి. లండన్ భూగర్భ రైల్వే కోసం 1916లో వచ్చిన అక్షరాలు గీసిన ఎడ్వర్డ్ జాన్‌స్టన్ నిబ్బు కలంతో రాత నేర్పే మాస్టారు. ఆయన శిష్యుడు ఎరిక్ గిల్ చేసిందే 1928 నాటి గిల్ శాన్స్.

అపోహ: ఫ్రూటిగర్‌ని పుస్తకాల కోసమో కంప్యూటర్ల కోసమో తయారుచేశారు.

వాస్తవం: తయారుచేసింది విమానాశ్రయం బోర్డుల కోసం. పారిస్ దగ్గర రువాస్సీలో చార్లెస్ డి గాల్ విమానాశ్రయం 1974లో మొదలైంది. దాని బోర్డుల పని స్విట్జర్లాండ్‌కి చెందిన ఏడ్రియన్ ఫ్రూటిగర్‌కి వచ్చింది. 1957లో ఆయనే చేసిన యూనివర్స్ అనే టైప్‌ఫేస్ అప్పటికే పేరుమోసింది. అదే పెట్టేస్తే పని అయిపోయేది. కానీ కొత్త భవనానికి అది పాతబడినట్టు అనిపించిందాయనకి. పైగా దాని అక్షరాలు మూసుకుపోయినట్టుంటాయి, నడుస్తూ నడుస్తూ చదవడానికి పనికిరావు. అందుకని ఆండ్రే గుర్ట్లర్‌తో కలిసి 1960లలో చేసిన కాంకోర్డ్ అనే అక్షరాలని బయటికి తీసి, మళ్లీ దిద్దాడు. మొదట్లో దాని పేరు రువాస్సీ. 1976లో అచ్చు పనులకి విడుదలైనప్పుడు ఫ్రూటిగర్ అయింది.

అసలు కిటుకు అక్షరం నోరు తెరిచి ఉండటంలో ఉంది. హెల్వెటికాలో ఇంగ్లీషు సి, ఈ, ఎస్ అక్షరాల కొసలు లోపలికి తిరిగి, సందు మూసుకొస్తుంది. కారిడార్ చివర నుంచి చూస్తే చిన్న ఈ కాస్తా ఓ అయిపోతుంది, 386 నంబరు గది 888లా కనిపిస్తుంది. కళ్లద్దాలు మర్చిపోయి వచ్చిన పెద్దాయనకి ఆ తేడా చిన్నది కాదు. ఫ్రూటిగర్‌లో ఆ సందులు బాగా తెరుచుకుని ఉంటాయి.

అపోహ: దూరం నుంచి కనపడాలంటే బోల్డ్ చేస్తే సరి.

వాస్తవం: బోల్డ్ పెంచేకొద్దీ లోపలి ఖాళీలు పూడిపోతాయి. లోపల ఎల్‌ఈడీ వెలిగే బోర్డయితే వెలుగు చుట్టూ పాకి అక్షరం ఇంకా లావుగా కనిపిస్తుంది. అలాంటి చోట నేను ఒక మెట్టు సన్నదే వాడతాను. ఓనర్లకి ఒక పట్టాన నచ్చదు.

అపోహ: ఫ్రూటిగర్ పెడితే ఇక ఎక్కడా తికమక ఉండదు.

వాస్తవం: ఉంటుంది. ఇందులో పెద్ద ఐ, చిన్న ఎల్ రెండూ ఉత్త నిలువు గీతలే. ల్యాబ్ రిపోర్టు కోడ్‌కి, వైఫై పాస్‌వర్డ్‌కి దీన్ని వాడకండి. 1996లో వచ్చిన వర్డానాలో పెద్ద ఐకి పైనా కిందా అడ్డగీతలుంటాయి, ఆ పనికి అది మేలు. ఇంకోటి, ఫ్రూటిగర్‌ని డబ్బు పెట్టి కొనాలి. బడ్జెట్ లేకపోతే అదే వంశంలో ఓపెన్ శాన్స్ ఉచితంగా దొరుకుతుంది. పైరసీ కాపీతో టెన్షన్ ఎందుకు?

అపోహ: తలకట్టు తీసేస్తే తెలుగు కూడా శాన్స్ అయిపోతుంది.

వాస్తవం: ఈ ప్రయోగం చేసిన లోగోలు ఊళ్లో కనిపిస్తూనే ఉన్నాయి. గ మీద తలకట్టు అలంకారం కాదు. అది తీసేస్తే ఏ గుణింతమో పోల్చుకోలేం. ఫ్రూటిగర్ లాంటివాటి పక్కన గీత మందం అంతటా దాదాపు ఒకేలా ఉండే తెలుగు, అంటే నోటో శాన్స్ తెలుగు లాంటిది, బాగా కలుస్తుంది. అయితే రెండింటికీ ఒకే పాయింట్ సైజు ఇచ్చి వదిలెయ్యకండి. "స్త్రీల వార్డు" అని రాయాలంటే పైన గుడిదీర్ఘం, కింద రెండు ఒత్తులు పట్టాలి. తెలుగు సైజు పెంచి, కింద జాగా ముందే వదలండి. ఒత్తు ఫ్రేము అంచులో పడి తెగిపోయాక ఫ్లెక్స్ మళ్లీ ప్రింట్ చెయ్యడం తప్ప చేసేదేం లేదు.